ఆ ఊళ్ళో మా తులసికోట

దసరా సెలవుల్లో మా అమ్మాయి మూడు రోజులపాటు కంప్యూటర్ ముందు నుంచి కదల్లేదు. రోబ్లాక్స్‌లో ఇల్లు కడుతోందట. అన్నానికి పిలిచి పిలిచి విసుగొచ్చి, "నేనూ కట్టాన్లే ఇల్లు, నువ్వు పుట్టకముందు. దానికి వరండా, తులసికోట కూడా ఉండేవి" అనేశాను. అనకుండా ఉండాల్సింది. కంచం ముందు కూచున్నాక కూడా వదల్లేదు. "ఏ గేమ్ అమ్మా? ఇంకా ఉందా? పాస్‌వర్డ్ గుర్తుందా?"

గేమ్ కాదన్నాను. సెకండ్ లైఫ్ గురించి ఎవరడిగినా అప్పట్లో మేమందరం ముందు చెప్పే మాట అదే. గెలుపు, ఓటమి, పాయింట్లు ఏవీ ఉండవు. ఒక బొమ్మ మనిషి రూపంలో లోపలికి వెళ్తాం, తిరుగుతాం, కనిపించినవాళ్లతో కబుర్లు చెబుతాం, కావాలంటే కాస్త నేల కొనుక్కుని ఇల్లు కట్టుకుంటాం. "అంతేనా?" అంది. 2007లో మా వారు కూడా అచ్చం అలాగే అన్నారు.

అప్పుడు మేము న్యూజెర్సీలో ఉండేవాళ్లం. నాది హెచ్4 వీసా. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, భర్త ఉద్యోగం మీద వెంట వెళ్లే భార్యలకిచ్చేది. దాని మీద ఉద్యోగం చెయ్యకూడదు. 2015లో కొందరికి ఆ అనుమతి ఇచ్చారుగానీ అప్పటికి మేము తిరిగొచ్చేశాం. ఎమ్మెస్సీ చేసి, రెండేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పి వెళ్లినదాన్ని, కిటికీలోంచి మంచు చూస్తూ కూచునేదాన్ని. కారు ఒక్కటే, అదీ ఆఫీసుకు వెళ్లేది. "రోజంతా ఒక్కదానివీ ఏం చేస్తావమ్మా" అని మా అత్తగారు ఫోన్లో పాపం జాలిగానే అడిగేవారు. వంట, బట్టలు, టీవీ అని చెప్పేదాన్ని. సెకండ్ లైఫ్ సంగతి చెప్పలేదు. చెబితే మాత్రం ఏమని చెప్పను?

ఆ ఊరి చరిత్ర కాస్త చెప్పాలి. పేపర్లవాళ్లు రాసిన కథ వేరు, లోపల ఉన్నవాళ్ల కథ వేరు.

ఫిలిప్ రోజ్‌డేల్ అనే ఆయన 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లిండెన్ ల్యాబ్ పెట్టారు. మొదటి ఆఫీసున్న వీధి పేరే కంపెనీకి పెట్టారు. 2003 జూన్‌లో సెకండ్ లైఫ్ తలుపులు అందరికీ తెరిచారు. కంపెనీ ఇచ్చింది నేల, నీళ్లు, ఆకాశం, కొన్ని పనిముట్లు. మిగతాదంతా జనం కట్టుకున్నదే. ఘనాలు, గోళాలు, స్తంభాల్లాంటి ముక్కలుంటాయి, ప్రిమ్స్ అనేవాళ్లం. వాటిని సాగదీసి, కోసి, అతికించి కుర్చీ దగ్గర్నుంచి కోట దాకా ఏదైనా చెయ్యొచ్చు. మొదట్లో ఎవరెంత కడితే అంత పన్ను వేసేవారట. అందంగా కట్టి ఊరికి కళ తెచ్చినవాళ్ల మీదే బరువన్నమాట. ఆ వేసవిలోనే జనం తిరగబడ్డారు. అమెరికావాళ్లు కదా, బోస్టన్ టీ పార్టీని తలుచుకుంటూ టీ పెట్టెలు తయారుచేసి గుట్టలుగా పేర్చారు. ఏడాది తిరక్కుండానే కంపెనీ దిగొచ్చింది. కట్టినదాని మీద పన్ను పోయి, ఉన్న నేలను బట్టి రుసుము వచ్చింది. అంతకంటే పెద్ద మార్పు ఇంకోటి. ఎవరు చేసిన వస్తువు మీద వాళ్లకే హక్కు ఉంటుందని 2003 నవంబరులో ప్రకటించారు. ఇది గుర్తు పెట్టుకోండి, చివర్లో నాకు పనికొచ్చింది.

ఆ హక్కు వల్లే అక్కడ దుకాణాలు వెలిశాయి. లిండెన్ డాలర్లని వాళ్లకో డబ్బు ఉంది. నేనున్నప్పుడు అసలు డాలరుకు సుమారు 260 వచ్చేవి. చైనాలో పుట్టి జర్మనీలో స్థిరపడిన ఐలిన్ గ్రేఫ్ అనే ఆవిడ అక్కడ ఆంషే చుంగ్ పేరుతో స్థలాలు కొని, విడగొట్టి, అమ్మి, అద్దెకిచ్చి 2006 మేలో బిజినెస్‌వీక్ ముఖచిత్రానికెక్కింది. హైదరాబాదులో ఉండేవాళ్లకి ఈ వ్యాపారం విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ అక్టోబరులో రాయిటర్స్ సంస్థ అక్కడో విలేకరిని పెట్టింది. 2007 మేలో ముందు మాల్దీవులు, వారం తేడాలో స్వీడన్ రాయబార కార్యాలయాలు తెరిచాయి. చీటీల కంపెనీ మునిగిపోవడం కూడా చూశాం. ఎక్కువ వడ్డీ ఆశ చూపిన గింకో ఫైనాన్షియల్ అనే బ్యాంకు, అక్కడ జూదం నిషేధించగానే జనం ఒక్కసారి డబ్బు వెనక్కి అడిగేసరికి 2007 ఆగస్టులో చేతులెత్తేసింది. బాకీ అసలు డాలర్లలో సుమారు 7 లక్షల 50 వేలు. బయట ప్రభుత్వ అనుమతి ఉన్న సంస్థలు తప్ప ఇంకెవరూ వడ్డీకి డిపాజిట్లు తీసుకోకూడదని 2008 జనవరిలో నిబంధన పెట్టారు.

పేపర్లకి కావల్సింది ఇదే. లక్షలు, ఎంబసీలు, మోసాలు. మధ్యాహ్నం రెండింటికి ఇళ్లల్లో ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు అక్కడ ఏం చేసేవారో ఎవరూ రాయలేదు. గౌన్లు కుట్టేవాళ్లు (అంటే ఫోటోషాప్‌లో బట్ట గీసి తొడిగేవాళ్లు), తోటలు పెంచేవాళ్లు, మంచం మీంచి లేవలేని మనుషులు అక్కడ నాట్యం చేసేవాళ్లు. ఏ పనీ చేతకాని నాబోటివాళ్లకి కుర్చీ పనుండేది. తమ కొట్టు దగ్గర జనం ఉన్నట్టు కనబడాలని కొందరు కుర్చీలు వేసి, అందులో కూచుంటే పది నిమిషాలకి రెండు మూడు లిండెన్ డాలర్లు ఇచ్చేవారు. పాఠాలు చెప్పుకునే మనిషిని, బొమ్మ కుర్చీలో బొమ్మను కూచోబెట్టి అర పైసా లెక్కన సంపాదించాను. నవ్వకండి. అమెరికాలో నా మొదటి సంపాదన అదే.

ఇంటిపేరు సంగతి చెప్పాలి. అప్పట్లో చేరేటప్పుడు పేరు మన ఇష్టం, ఇంటిపేరు మాత్రం వాళ్లిచ్చిన జాబితాలోంచే తీసుకోవాలి. ఆ జాబితా ఎప్పటికప్పుడు మారుతుండేది. అందుకని ఇంటిపేరు చూస్తే ఈ మనిషి ఏ కాలంలో వచ్చాడో పాతవాళ్లు ఇట్టే పోల్చేవారు. లిండెన్ ఇంటిపేరు కంపెనీ ఉద్యోగులది. నేను తీసుకున్నదేమిటో చెప్పను, వెతికి పట్టుకుంటారు మీరు! పెళ్లిలో ఒకసారి ఇంటిపేరు మారింది, దానికి నన్నెవరూ అడగలేదు. రెండోది మాత్రం అరగంట కూచుని నాకు నచ్చింది ఏరుకున్నాను. 2010 నవంబరులో ఆ పద్ధతి తీసేసి కొత్తవాళ్లందరికీ ‘రెసిడెంట్’ అని ఒకటే ఇంటిపేరు తగిలించారు. జనం ఏళ్ల తరబడి గోల చేస్తే 2020 ఏప్రిల్‌లో మళ్లీ ఎంచుకునే వీలు తెచ్చారు, అదీ డబ్బు కట్టినవాళ్లకి.

అప్పట్లో నెలకు 9 డాలర్ల 95 సెంట్ల సభ్యత్వం తీసుకుంటే 512 చదరపు మీటర్ల నేల వరకూ వేరే రుసుము లేకుండా ఉంచుకునే వీలుండేది. మా వారిని ఒప్పించాను. అంత నేలలో అప్పుడు 117 ప్రిమ్స్ కంటే ఎక్కువ పట్టేవి కావు. ఆ 117తో మా అమ్మమ్మగారి ఇల్లు కట్టాలని నా పట్టుదల. పెంకుల కప్పుకే సగం అయిపోయాయి.

పక్క స్థలం ఒక పెద్దావిడది. ఒహాయోలో ఉంటానని చెప్పింది, వయసు అరవై దాటింది. కీళ్లవాతం వల్ల వేళ్లు సరిగా ఆడేవి కావు. ఆవిడ ఒక మాట టైపు చేసేలోపు నేను గిన్నెలు తోముకుని వచ్చేదాన్ని. కానీ కట్టడంలో ఆవిడని మించినవాళ్లు లేరు. ఒక్క ప్రిమ్‌ని మధ్యలో బోలు చేసి, చివర్లు మెలితిప్పి మూడు ముక్కల పని చేయించడం ఆవిడే నేర్పింది. ఒకసారి మా అమ్మ పెరట్లో తులసికోట ఫోటో పంపాను. "మొక్కని పెట్టె మీద ఎందుకు పెడతారు?" అని అడిగితే తోచింది చెప్పాను. వారం తర్వాత వరండా ముందు అచ్చం అలాంటి కోట ఉంది. గూట్లో దీపం కూడా. ముట్టుకుంటే వెలుగుతుంది. ఆరు ప్రిమ్స్‌తో చేసింది మహాతల్లి.

2009లో నెలలు నిండుతుండగా మానేశాను. మానేద్దామనుకుని మానలేదు. వాంతులు, ఆస్పత్రి, పిల్ల, నిద్రలేమి, ఆ తర్వాత సామాను సర్దుకుని ఇండియా. సభ్యత్వం కట్టడం ఆగిపోయింది. ఆవిడకి చెప్పి వచ్చానా అంటే లేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను.

ఈలోగా పేపర్లు ఆ ఊరిని చంపేశాయి. 2010 జూన్‌లో కంపెనీ నూటికి 30 మంది ఉద్యోగుల్ని తీసేసింది. అందరూ ఫేస్‌బుక్ మీద పడ్డారు. 2021లో ఆ ఫేస్‌బుక్కే తన పేరు మెటా అని మార్చుకుని, మనుషులు బొమ్మల రూపంలో కలుసుకునే లోకం ఏదో రాబోతోందన్నప్పుడు నేను పప్పు తాలింపు వేస్తూ టీవీలో విన్నాను. ‘అవతార్’ అనే మన మాటని ఈ బొమ్మలకి 1980ల్లోనే లూకాస్‌ఫిల్మ్‌వాళ్ల హాబిటాట్‌లో వాడారు. ఇప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు చెబుతుంటే నవ్వొచ్చింది.

మా అమ్మాయి పట్టు వదల్లేదు. పాస్‌వర్డ్ సంపాదించడానికి ఒక పూట పట్టింది, పాత మెయిల్ ఎప్పుడో పోయింది కాబట్టి. చివరికి తెరుచుకుంది. ముందు పొగలా కనిపించి, మెల్లగా నా బొమ్మ వచ్చి నిలబడింది. అదే మొహం, అదే ఆకుపచ్చ చీర. చీరంటే ఏముంది, లంగా మీద రంగులు పూసి, పమిటకి రెండు ప్రిమ్స్ తగిలించింది. 2011లో మెష్ అనే కొత్త పద్ధతి వచ్చాక అక్కడి మనుషులు సినిమాల్లోవాళ్లలా తయారయ్యారు. వాళ్ల మధ్య నేను మా పెళ్లి క్యాసెట్‌లోంచి లేచొచ్చినట్టున్నాను. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. అంతలో అటుగా పోతున్నవాళ్లెవరో ఆగి, నా ఇంటిపేరు చూసి, 2007 మనిషివా, తిరిగి రావడం బాగుందన్నారు. అది నవ్వడం ఆపి, "నీ పేరు చూసి ఎలా చెప్పారమ్మా?" అని అడిగింది.

మా స్థలానికి వెళ్లాం. ఒట్టి గడ్డి. యజమాని స్థానంలో గవర్నర్ లిండెన్ అని ఉంది. ఎవరూ లేని నేలంతా ఆ పేరు మీదకే వెళ్తుంది. పక్క స్థలం కూడా గడ్డే. స్నేహితుల జాబితాలో ఆవిడ పేరుంది, వెలగలేదు. ఆవిడ ప్రొఫైల్ తెరుచుకుంది, ఫోటో అదే. రోజూ వెళ్లి చూశాను. నాలుగో రోజు అప్పటి వీధిలోని ఇంకొకాయన కనిపించారు. ఆవిడ 2013లో పోయిందని, కూతురు ఒకసారి ఆవిడ పేరు మీదే లోపలికి వచ్చి అందరికీ చెప్పి వెళ్లిందని, అద్దె ఆగిపోయి ఆవిడ కొట్టు ఎత్తేశారని చెప్పారు. తర్వాత ఆయనే ఒక మాటన్నారు. నా స్థలం పోయిన రోజున ఆవిడ నాకు బాగాలేదేమోనని కంగారు పడిందట, రాసిందట కూడా. నేను లోపల లేనప్పుడు వచ్చినవన్నీ మెయిల్‌కి వెళ్లేలా పెట్టుకున్నాను. ఆ మెయిలే పోయింది. ఏం రాసిందో నాకిక తెలియదు. బతికే ఉన్నాను, పాపాయి పుట్టిందని ఒక్క ముక్క రాయడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. ఆవిడకి అరగంట పట్టి ఉంటుంది.

స్థలం పోయినప్పుడు దాని మీదున్న సామాను మన పెట్టెలోకే తిరిగొస్తుంది. ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ అని ఒక అర ఉంటుంది. మా అమ్మాయి దాన్ని తెరిచింది. పెంకుల కప్పు, వరండా స్తంభాలు, మడత మంచం, అన్నిటికింద తులసికోట. దాని వివరాలు నొక్కితే యజమాని నా పేరు, తయారుచేసినవారు ఆవిడ పేరు. ఆ 2003 నాటి మాటకు తగ్గట్టే, వస్తువు ఎన్ని చేతులు మారినా చేసినవాళ్ల పేరు దాని మీంచి పోదు. "అమ్మా, దీన్ని బయట పెడదాం" అంది.

సొంత నేల లేనివాళ్లకి సాండ్‌బాక్స్ అని ఉమ్మడి మైదానాలున్నాయి. అక్కడ ఏదైనా పెట్టుకోవచ్చు, కొన్ని గంటలయ్యాక అదే మన పెట్టెలోకి వచ్చేస్తుంది. ఎవరివో విమానాలు, సగం కట్టిన గోడల మధ్య కాస్త ఖాళీ చూసి కోట పెట్టాం. ముట్టుకుంటే దీపం వెలిగింది. పదహారేళ్ల తర్వాత కూడా.

పొద్దున చూస్తే మళ్లీ లాస్ట్ అండ్ ఫౌండ్‌లో ఉంది. సాయంత్రం మా అమ్మాయి ట్యూషన్ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే "ఇవాళ పెట్టావా?" అని అడిగింది.