డ్రాగన్ పండు: ఒక జెముడు మొక్క దేశాటనము

మామిడి, జామ, అరటి పండ్ల నడుమ గులాబి రంగు తొక్కతో, ఆకుపచ్చని పొలుసులతో కూర్చుండి చూపరులను తన వైపు త్రిప్పుకొను పండొకటి ఇప్పుడు మన పట్టణములలోని ప్రతి పండ్ల దుకాణములోను కనబడుచున్నది. దుకాణదారు దానిని డ్రాగన్ ఫ్రూట్ అనును. ముప్పది యేండ్ల క్రిందట మన ఇండ్లలో ఆ పేరు విన్నవారు లేరనియే చెప్పవచ్చును. నేడు పిల్లలు పేరు పెట్టి అడుగుచున్నారు. జ్వరముతో పడకనున్నవారిని చూడబోవు బంధువులు సంచిలో దానినే పెట్టుకొని పోవుచున్నారు. డాబా మీద తొట్టెలో దాని తీగను ప్రాకించువారును హెచ్చుచున్నారు.

ఇది ఏ దేశపు పండు? మన ఇంట పండునా? రోగికి పెట్టవచ్చునా? ఈ మూడు ప్రశ్నలను మమ్ము అడుగువారు చాలమంది. మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినచో తక్కిన రెండును సులభమగును. కావున చరిత్రతోనే ప్రారంభింతము.

డ్రాగన్ పండు కాచునది కాక్టస్ కుటుంబములోని తీగ. మన పల్లెలలో ముండ్లుండి, ఆకులు లేక, కండగల కాండముతో పెరుగు మొక్కలన్నిటిని జెముడు అనుట వాడుక. ఇందులో రెండు వేరు వేరు కుటుంబములు కలిసిపోయినవి. గిల్లినచో పాలు కారు బొంతజెముడు, ఆకుజెముడు కాక్టస్ జాతివి కావు. నాగజెముడు మాత్రము నిజమైన కాక్టస్. కాక్టస్ కుటుంబమంతయు అమెరికా ఖండములలో పుట్టినదే. చెట్లను పట్టుకొని వ్రేలాడు ఒక్క చిన్న జాతి మాత్రము ఆఫ్రికాలోను, సింహళములోను సహజముగా పెరుగుచున్నది.

అట్లయినచో నాగజెముడు మన చేలగట్లకు ఎట్లు వచ్చినది? 18వ శతాబ్దము చివరి భాగమున మదరాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యాధికారియగు జేమ్స్ ఆండర్సన్ నాగజెముడు తోటలను పెంచెను. ఆ మొక్కపై బ్రతుకు ఒక చిన్న పురుగు నుండి ఎర్రని రంగు తీయుదురు. ఆ వర్తకము అప్పటికి స్పెయినువారి చేతిలో నుండెను. దానిని తామును చేజిక్కించుకొనవలెనని కంపెనీవారి ఆశ. వారికి దొరకిన పురుగు మేలు జాతిది కాకపోవుటచే రంగు వ్యాపారము నిలువలేదు. నాగజెముడు మాత్రము నిలిచినది. కంచెగా నాటినది కంచె దాటి బీళ్లను, మేతభూములను ఆక్రమించినది. 1926లో మరియొక జాతి పురుగును దక్షిణ భారతమునకు తెచ్చి విడిచిన పిమ్మటగాని దాని విజృంభణ తగ్గలేదు. ఆ కాలమునాటి రైతుకు జెముడు అనగా పిలువకుండ వచ్చి పొమ్మన్నను పోని చుట్టము. అదే వంశములోని తీగను నేటి రైతు డబ్బిచ్చి కొని, స్తంభము నిలిపి, ఎరువు వేసి పెంచుచున్నాడు. చరిత్రలో ఇట్టి చమత్కారములు అరుదు కావు.

డ్రాగన్ పండు పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా దేశములు. అచ్చటి అడవులలో ఈ తీగ చెట్ల బోదెలను వేళ్లతో కరచుకొని, కొమ్మల నీడలో పైకి ప్రాకును. స్పెయినువారు రాకముందే అచ్చటి ప్రజలు ఈ జాతి పండ్లను తినుచుండిరి. 16వ శతాబ్దమున ఆ దేశముల విశేషములను గ్రంథస్థము చేసిన ఒవియేదో అను స్పెయిను చరిత్రకారుడు పితహాయ అను పేరుతో ఇట్టి పండ్లను వర్ణించెను. నేటికిని అమెరికాలోని స్పానిష్ భాషీయులు దీనిని పితహాయ, పితాయ అనియే వ్యవహరింతురు.

అచ్చటి నుండి ఇది ఆసియాకు ఏ యోడలో వచ్చినదో నిశ్చయించి చెప్పు దాఖలా లేదు. కాని 1565 మొదలు 1815 వరకు స్పెయినువారి నావలు మెక్సికో తీరమునకును ఫిలిప్పీన్సులోని మనీలాకును నడుమ తిరుగుచుండెను. అమెరికా మొక్కలనేకము ఆ మార్గముననే తూర్పు దేశములకు చేరినవి. 1830లో హావర్త్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఈ తీగకు మొదటిసారి శాస్త్రీయ నామము పెట్టినప్పుడు ఆయన ఎదుటనున్న మొక్క చీనా దేశము నుండి వచ్చినది. అనగా పుట్టుక అమెరికాలో, నామకరణము ఇంగ్లండులో, ఆ నామకరణమునకు పోయినది చీనా నుండి! కొలది యేండ్లకే, 1836 ప్రాంతమున, హవాయి దీవులలోని హొనొలూలూలో పునహౌ పాఠశాల రాతిగోడ వెంట దీనిని నాటిరి. అది పండ్లకై కాదు, రాత్రి విచ్చుకొను తెల్లని పూవుల అందమునకై. ఆ పూలకంచె నేటికిని ప్రసిద్ధము.

వియత్నాములో దీనిని ప్రవేశపెట్టినవారు 19వ శతాబ్దపు ఫ్రెంచివారని చెప్పుదురు. అచ్చట దీనికి థాన్ లాంగ్ అని పేరు. ఆకుపచ్చని డ్రాగన్ అని దాని యర్థము. స్తంభము చుట్టును మెలికలు తిరిగి, అంచులు అలలవలె వంగిన ఆ తీగను చూచినవారికి ఆ పేరు తగినదేయని తోచకమానదు. చీనావారు దీనిని అగ్ని డ్రాగన్ పండు అందురు. పూర్వము యుద్ధములలో డ్రాగన్ నిప్పులు క్రక్కగా చివరకు ఈ పండు బయటపడినదని ఒక కథ ప్రచారములో నున్నది. వినుటకు ఇంపైనదే గాని, అమెరికా తీగ చీనాకు చేరిన కాలమును తలచినచో అది ప్రాచీన గాథ కాజాలదు. అమ్మకమునకు పనికివచ్చు కథలు పండ్లకన్న త్వరగా పండును.

20వ శతాబ్దపు చివరి దశాబ్దములలో ఈ పండు పెరటి నుండి విపణికి వచ్చినది. వియత్నాములో బిన్ థువాన్ ప్రాంతపు తోటలు ఎగుమతులకు పేరు పొందినవి. పగలు దీర్ఘముగా నున్న కాలముననే ఈ తీగ పూయునని గమనించిన రైతులు చలికాలపు రాత్రులందు తోటలలో దీపములు వెలిగించి దానిని పూయించుట నేర్చిరి. ఇస్రాయేలులోని నెగెవ్ ఎడారిలో బెన్ గురియన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కొద్ది నీటితో దీనిని పండించు పద్ధతులను పరిశోధించిరి. మన దేశములో 1990 దశకపు చివర కొందరి తోటలలో ఇది కనబడెను. గుజరాతులోని కచ్ రైతులు దీనిని విరివిగా వేసిరి. 2021 జనవరిలో ఆ రాష్ట్ర ప్రభుత్వము దీనికి కమలం అను పేరు నిర్ణయించెను. 2023లో కర్ణాటకలోని హిరేహళ్లిలో ఈ పంటకై ఒక ప్రత్యేక కేంద్రము మంజూరైనది. తెలుగు రాష్ట్రములలోను నీరు కొరవడిన నేలలు గల రైతులు దీని వైపు మొగ్గుచున్నారు.

పరదేశపు పండునకు మన పేరేమిటని కొందరు ఆక్షేపించిరి. మన వంటింటిని ఒకసారి చూచినచో ఆ ఆక్షేపణ నిలువదు. మిరపకాయ అమెరికాది. మిరియమును పోలిన కారము గలదని దానికి మిరియపు పేరునే మనవారు అంటగట్టిరి. సీతాఫలము, రామాఫలము అను పేర్లు విన్నవారెవరు అవి అమెరికా చెట్లని నమ్ముదురు? జామ, బొప్పాయి, జీడిమామిడి అన్నియు సముద్రము దాటి వచ్చినవే.

ఇంతకును, ఈ తీగకు దగ్గరి బంధువొకటి మన ఇండ్లలో ముందే కాపురమున్నది. వర్షాకాలపు రాత్రి ఇరుగుపొరుగు వారిని పిలిచి, దీపము పెట్టి, హారతియిచ్చి మనము చూచు బ్రహ్మకమలము అమెరికా కాక్టసే. హిమాలయములలోని అసలు బ్రహ్మకమలము వేరు. తొట్టెలో పూయు ఆ మొక్కకు డ్రాగన్ తీగ జ్ఞాతి. రెండు పూవులును రాత్రియే విచ్చి తెల్లవారునప్పటికి వాడిపోవును.

ఇక పెంపకము. పుట్టినింటి స్వభావమును ఎరిగినచో ఇది కష్టము కాదు. ఈ తీగ పగటి యెండలో తన శ్వాసరంధ్రములను మూసికొని నీటిని కాపాడుకొనును, రాత్రి వాటిని తెరచి గాలి పీల్చును. కావున దీనికి దాహము తక్కువ. ఈ సంగతి తెలియక మేము తెచ్చిన మొదటి మొక్కకు మల్లెచెట్టునకు వలె ప్రతిదినము నీరు పోసితిమి. రెండు నెలలలో అడుగు మెత్తబడి కుళ్లినది. మా యింటిలో పెద్దావిడ దానిని పెరికి చూపి, "ఎడారి బిడ్డను ఏటిలో ముంచితిరి గదా!" అన్నది. ఆ మాట మాకు పాఠమైనది.

అడుగు మొదలు అడుగున్నర పొడవుగల ముదురు కాండమును తెచ్చి, కోసిన మొనను నీడలో ఐదారు దినములు ఆరనిచ్చి నాటవలెను. తొట్టె పెద్దది కావలెను, దాని అడుగున నీరు జారు రంధ్రము లుండవలెను. ఎర్రమట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపిన చాలును. నడుమ ఐదడుగుల గట్టి స్తంభము నిలిపి, దాని తలపై పాత స్కూటరు టైరు నొకదానిని బిగింపవలెను. టైరు చేరువరకు ఒక్క కాండమునే పోనిచ్చి, ప్రక్క పిలకలను తీసివేసి, పైకి చేరిన పిమ్మట కొమ్మలను గొడుగువలె క్రిందికి వ్రేలాడనీయవలెను. పూత ఆ వ్రేలాడు కొమ్మలకే వచ్చును. పైమట్టి ఎండిన తరువాతనే నీరు పోయవలెను. ఎండ కావలసినదే గాని, మన వైశాఖ జ్యేష్ఠముల వడగాడ్పునకు కాండము పసుపుబారి మాడును. ఆ రెండు నెలలు పైన పలుచని నీడవల కట్టుట మేలు. గింజ నాటినచో కాపునకు అనేక సంవత్సరములు పట్టును. కొమ్మ నాటినచో సాధారణముగా రెండవ యేట పూత చూడవచ్చును.

పూవు విచ్చునది ఒకే రాత్రి. పుట్టినింట దీనికి పుప్పొడి చేర్చునవి గబ్బిలములు, రాత్రి తిరుగు సీతాకోక పురుగులు. మన డాబాల మీదికి అవి వచ్చునని నమ్మకము లేదు. తెల్లని గుజ్జు గల రకము చాలవరకు తన పుప్పొడితోనే కాయును. ఎర్రని గుజ్జు రకములలో అనేకమునకు వేరొక మొక్క పుప్పొడి కావలెను. చీకటి పడిన తరువాత మెత్తని కుంచెతో ఆ పని మనమే చేయవచ్చును. మేము మొదటిసారి అట్లు చేసిన రాత్రి ఇంటిల్లిపాదియు డాబాపై మేలుకొని యుంటిమి. జానెడు మించిన పూవు కన్నుల యెదుట విచ్చుచుండగా పిల్లలు ఊపిరి బిగబట్టిరి. పూచిన నాటి నుండి నెల, లేక ముప్పదియైదు దినములకు పండు కోతకు వచ్చును. మామిడివలె కోసిన పిమ్మట ఇది తీపి పెంచుకొనదు. కావున తొక్క పూర్తిగా రంగు తిరిగిన తరువాత ఇంక నాలుగైదు దినములు తీగపైననే యుంచవలెను. దూరదేశపు పండు చప్పగా నున్నదని విసుగుకొనువారు ఇంటి పండును తిని చూడవలెను.

తినుటలో నేర్పు పెద్దగా లేదు. నిలువుగా రెండు చెక్కలు చేసి, చెంచాతో గుజ్జు తీసి గింజలతోనే తినవచ్చును. కొద్దిగా నిమ్మరసము పిండినచో రుచి తేరును. దక్షిణ చీనాలో ఎండిన పూవులతో చారు కాచుకొందురు. ఎర్రని గుజ్జు తిన్నవారికి మరునాడు మూత్రము ఎర్రబారవచ్చును. బీటు దుంపలోని వంటి రంగే గాని అది రక్తము కాదు, భయపడవలదు.

చివరకు మూడవ ప్రశ్న. డెంగీ జ్వరములో రక్తకణికలు పడిపోయినప్పుడు ఈ పండు వాటిని పెంచునని ఊరూర చెప్పుకొనుచున్నారు. మేమెరిగిన ఒక కుటుంబమువారు పిల్లవాడు కడుపునొప్పితో మెలికలు తిరుగుచుండగా, ఈ పండునకై రాత్రివేళ దుకాణములు వెదకుచు గంటల కాలము గడపిరి. అదృష్టవశమున తెల్లవారి ఆసుపత్రికి చేర్చగా బాలుడు బ్రతికెను. ఈ పండు కణికలను పెంచునని నిలుకడగల రుజువు లేదు. వ్యాధి దశ మారినప్పుడు అవి తమంతట తామే పెరుగును. ఆ రోజులలో తిన్న పండునకు ఆ కీర్తి దక్కుచున్నది. ఇందులో హెచ్చుభాగము నీరు, కొంత పీచు, కొంత చక్కెర. తినగలిగినచో రోగికి పెట్టవచ్చును. కాని తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తము కారుట, మగత కనబడినచో పండును ప్రక్కనబెట్టి తక్షణము వైద్యుని వద్దకు కొనిపోవలెను. డ్రాగన్ నిప్పు కథవలె ఇదియు ఒక కథయే. ఆ కథను నమ్మి పోగొట్టుకొనునది ఏమియు లేదు, ఈ కథను నమ్మినచో ప్రాణమే పోవచ్చును.

మా తీగ మొదటి యేడు మూడు పండ్లు కాచినది. ఒకటి దేవుని యెదుట పెట్టితిమి. ఒకటి పొరుగువారికి పంపితిమి. మూడవ దానిని కోయుచు పెద్దావిడ, "దీని పేరేమంటిరి?" అని అడిగినది. డ్రాగన్ అంటిమి, కమలమంటిమి, పితహాయ అంటిమి. ఆమె ఒక ముక్క నోట వేసికొని, కొంతసేపు ఆలోచించి, "మంచి జెముడు పండు" అన్నది. ఆ నాటి నుండి మా యింట దాని పేరు అదియే.