ఆవిర్భావ జాతకం

దేశమో రాష్ట్రమో ఏర్పడిన క్షణాన్ని జన్మసమయంగా తీసుకుని ఫలితాలు చెప్పే జ్యోతిష పద్ధతి. స్వతంత్ర భారతానికి 1947 ఆగస్టు 15 అర్ధరాత్రిని బట్టి వృషభ లగ్నం వేస్తారు: లగ్నంలో రాహువు, కర్కాటకంలో రవి, చంద్ర, బుధ, శుక్ర, శనులు. తెలంగాణకు ఏ క్షణం? విభజన చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 2014 మార్చి 1న వచ్చింది, రాష్ట్రం జూన్ 2న ఏర్పడింది. లెక్కకు రెండోదే వాడుక.

జిల్లాలకూ ఇలాగే జాతకం వేయవచ్చు. తెలంగాణలో జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడి 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. దుర్ముఖి నామ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ దశమి, శ్రవణా నక్షత్రం. కన్యలో రవి, గురువు. వారం మాత్రం మంగళవారం, కొత్త పని మొదలుపెట్టడానికి చాలామంది వెనకాడే రోజు. అయితే విజయదశమి స్వయంసిద్ధ ముహూర్తం. జమ్మిచెట్టుకు మొక్కి పాలపిట్టను చూసే ఆ పండగనాడు వారదోషం అంటదని నమ్మకం.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ రోజే రాష్ట్రంలో 21 కొత్త జిల్లాలు పుట్టాయి. పక్కపక్కనున్న గద్వాలకూ వనపర్తికీ ఒకే గడియకు వేస్తే లగ్నం దాదాపు ఒకటే వస్తుంది. ఫలం వేరుగా చెప్పాలంటే గ్రహాలను వదిలి కృష్ణా నీళ్లనో గద్వాల మగ్గాలనో చూడాల్సిందే. ఈ పద్ధతికి శాస్త్రీయ నిరూపణ లేదు.