బంగారు పాము చూపిన దారి

అంబర్‌పేట నుంచి రామంతాపూర్ మీదుగా ఉప్పల్ చౌరస్తా చేరి హబ్సిగూడ వైపు తిరిగితే, నెత్తిన మెట్రో, కింద ఎడతెగని బస్సులు. ఆ రద్దీలో సీసీఎంబీ గేటును రోజూ వేలమంది దాటిపోతుంటారు. కణ, అణు జీవశాస్త్ర కేంద్రం అన్నది దాని పూర్తి పేరు. మన అడవుల్లోని జింకకూ దుప్పికీ ఈ గేటు వెనుక జరిగిన పని అండగా నిలిచింది. ఆ పనికి మూలం ఒక పాము. ఆ పాము పేరులో మన తెలుగు మాట ఉంది.

ఆ పేరు కథ విశాఖపట్నంలో మొదలైంది. 1780లలో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు అక్కడ ఉండేవాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయనను మద్రాసు ప్రాంతపు ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. పాముకాటుకు జనం చనిపోతున్నారు. ఏది విషప్పామో, ఏది కాదో తెలిస్తే కొందరైనా బతుకుతారని ఆయన పాములను సేకరించి, బొమ్మలు గీయించాడు. లాటిన్ పేర్ల కోసం తడుముకోలేదు. ఇక్కడివాళ్లు ఏ పామును ఏమని పిలుస్తారో అడిగి అదే రాసుకున్నాడు. ఒంటినిండా నలుపు, పసుపు పట్టీలున్న కట్లపామును వాళ్లు బంగారు పామన్నారు. ఆయన చెవికి వినబడినట్టు ‘బుంగారుం పామ’ అని రాశాడు. కోరమాండల్ తీరపు పాములపై ఆయన పుస్తకం 1796లో అచ్చయింది. 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాన్ కట్లపాముల ప్రజాతికి ‘బుంగారస్’ అని పేరు పెట్టాడు. మనవాళ్లు నోటితో చెప్పిన మాట అలా ప్రపంచ శాస్త్రంలో నిలిచిపోయింది.

సుమారు నూట డెబ్భై ఏళ్ల తర్వాత అదే పాము మరో మనిషి చేతికి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా కల్వారీలో పుట్టిన లాల్‌జీ సింగ్, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోములపై పరిశోధన చేశారు. మనుషుల్లో ఎక్స్, వై క్రోమోజోములు మగబిడ్డను నిర్ణయిస్తే, పాముల్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ రెండు రకాల లింగ క్రోమోజోములు ఉండేది ఆడదానికే. ఎడిన్‌బరోలో పనిచేసే రోజుల్లో ఆడ బంగారు పాము డీఎన్ఏలో ఆయన, సహచరులు ఒక వింత గమనించారు. జి, ఎ, టి, ఎ అనే నాలుగక్షరాల ముక్క జపమాల తిప్పినట్టు మళ్లీమళ్లీ వస్తోంది. ఆ ముక్క పాములకే పరిమితం కాలేదు, మనుషుల్లోనూ ఉంది. అది ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ వస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. అంటే వేలిముద్రలా పనికొస్తుంది.

ఆ విద్యతోనే ఆయన 1987లో హైదరాబాద్ వచ్చి సీసీఎంబీలో చేరారు. పుష్పమిత్ర భార్గవ నాయకత్వంలో 1977లో రూపుదిద్దుకున్న ఈ సంస్థకు ఉప్పల్ రోడ్డు ప్రాంగణాన్ని 1987 నవంబరులోనే ప్రారంభించారు. మరుసటి ఏడాదికే ఇక్కడ దేశీయ డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి సిద్ధమైంది. పితృత్వ వివాదాలూ, హత్య కేసులూ ఈ ప్రయోగశాల గడప తొక్కాయి. 1991లో రాజీవ్ గాంధీ హత్య కేసులో దేహాల గుర్తింపునకూ ఇదే ఆధారమైంది.

మనుషులకు న్యాయం చేసిన విద్య నోరులేని జీవాలకు ఎందుకు పనికిరాదు? వేటగాడి సంచిలో దొరికిన ఎండుమాంసం గొర్రెదా, జింకదా? కళ్లతో చూసి ఎవరూ చెప్పలేరు. అది తేలకపోతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నా కేసు నిలబడదు. సీసీఎంబీ శాస్త్రవేత్తలు సునీల్ కుమార్ వర్మ, లాల్‌జీ సింగ్ 2003లో దీనికి దారి చూపారు. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి అనే జన్యువులో కొంత భాగం జంతువులన్నిటిలో దాదాపు ఒకేలా ఉంటుంది, దాని పక్కనే ఉన్న భాగం మాత్రం జాతికో తీరుగా మారుతుంది. ఒకేలా ఉన్నచోట పట్టు దొరకబుచ్చుకుని, మారేచోట చదివితే జాతి పేరు బయటపడుతుంది. ఒక్కో కణంలో మైటోకాండ్రియా డీఎన్ఏ వందల ప్రతులు ఉంటాయి కాబట్టి, పాడైపోయిన చిన్న ముక్క కూడా సాక్ష్యం చెబుతుంది.

నేరం జరిగాక పట్టుకుంటే చాలదు, జాతి నిలవాలి. అత్తాపూర్‌లో సీసీఎంబీ స్థాపించిన లాకోన్స్ ప్రయోగశాల ఆ పట్టుదలతో పుట్టింది. 2006లో కృత్రిమ గర్భధారణతో అక్కడ చుక్కల దుప్పి పిల్ల పుట్టింది. ముద్దుగా ‘స్పాటీ’ అన్నారు. 2007 ఫిబ్రవరి 1న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఆ ప్రయోగశాలను జాతికి అంకితం చేశారు. ఆ ఏడాదే కృష్ణజింక పిల్ల ‘బ్లాకీ’ పుట్టింది.

వీటన్నిటిలో నా మనసు దోచింది మూషిక జింక. గిట్టలున్న జంతువుల్లో మన దేశంలో ఇదే అతి చిన్నది. అడుగెత్తు, సుమారు మూడు కిలోల బరువు. కొమ్ములుండవు. గోధుమరంగు ఒంటిపై తెల్లటి చుక్కలు, చారలు. పగలంతా పొదలో నక్కి, రాత్రి వేళ బయటికొస్తుంది. ఆకు కదిలితే బెదిరిపోయే ఇలాంటి జీవికి సూది గుచ్చి రక్తం తీయడం ప్రమాదం. అందుకే శాస్త్రవేత్తలు దాన్ని ముట్టుకోకుండా, అది రాల్చిన పెంటికలు ఏరుకొచ్చారు. వాటిలోని ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఆనవాళ్లు చూసి ఏది ఎదకొచ్చిందో, ఏది చూలుతో ఉందో తెలుసుకున్నారు. కేంద్ర జూ అథారిటీ తోడ్పాటుతో 2010లో నెహ్రూ జంతుప్రదర్శనశాలలో కొద్దిపాటి జంతువులతో మొదలైన మంద పెరిగింది. 2017లో మొదటి జట్టును నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తీసుకెళ్లారు. అడవి నుంచి తెచ్చుకున్నదాన్ని అడవికే అప్పజెప్పారు.

ఈ కథ మొత్తంలో నాకు కనబడేది అప్పు తీర్చుకోవడమే. రస్సెల్‌కు ఊరివాళ్లు పేర్లు చెప్పారు, ఆయన వాటిని అచ్చువేసి లోకానికి పంచాడు. లాల్‌జీ సింగ్‌కు పాము తన రక్తం ఇచ్చింది, ఆయన ఆ విద్యను న్యాయస్థానాలకూ అడవులకూ పంచారు. దాచుకుని ఉంటే అది ఒక మనిషి పేరు ప్రతిష్ఠల దగ్గరే ఆగిపోయేది.

సీసీఎంబీకి మాతృసంస్థ అయిన సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం సెప్టెంబరు 26. ఆ సందర్భంగా ఈ ప్రయోగశాలల తలుపులు బడిపిల్లలకు తెరుస్తారు. నాచారం, ఉప్పల్, అంబర్‌పేట తల్లిదండ్రులారా, మీ పిల్లలను తప్పకుండా తీసుకెళ్లండి. లోపలికి అడుగుపెట్టే ముందు ఒక్క మాట చెప్పండి: బుంగారస్ అన్నది లాటిన్‌లా వినబడుతుంది గానీ, అది మన తాతముత్తాతలు పిలిచిన బంగారు పామే.