బండి ఒంటికి కరెంటు ఎక్కితే

1962లో సియాటిల్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. దాన్ని చూడటానికి కార్లలో, ట్రైలర్లలో బయల్దేరిన కుటుంబాలు మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్ మీదుగా పోతూ రాత్రికి మకాం వేసే చోటు కోసం వెతుక్కునేవి. ఆ ఊరి వ్యాపారి డేవ్ డ్రమ్ యెల్లోస్టోన్ నది ఒడ్డున తన స్థలంలో వాళ్లకు వేడినీళ్ల స్నానం, వంటకు పొయ్యి, కూర్చోవడానికి బల్ల ఏర్పాటు చేసి రుసుము తీసుకోవడం మొదలుపెట్టాడు. నేడు ఉత్తర అమెరికా అంతటా కనిపించే కేఓఏ క్యాంప్‌గ్రౌండ్ల పుట్టుక అదే. అదే ఏడాది వచ్చిన అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి, కొత్తగా వైరింగ్ చేసే ఇళ్లలో సాకెట్లన్నిటికీ ఎర్త్ ఉండాలని చెప్పింది. అంతకు ఏడాది ముందే బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్‌జీల్, మనిషి ఒంట్లోంచి కరెంటు నేలకు కారుతున్న సంగతి పసిగట్టి సరఫరా ఆపేసే పరికరాన్ని రూపొందించాడు. చక్రాల మీద ఇళ్లకు మకాములు, ఇళ్లలో ఎర్త్ తీగ, లీకేజీని పట్టే పరికరం ఇలా దాదాపు ఒకేసారి రంగంలోకి వచ్చాయి. కానీ మొదటిదాని వేగాన్ని మిగతా రెండూ అందుకోలేదు. ఆర్వీకి, అంటే ఆ చక్రాల మీది ఇంటికి, కరెంటు కలిపే చోట భద్రతను అరవయ్యేళ్లుగా ప్లగ్గు పెట్టే మనిషి జాగ్రత్తకే ఎక్కువగా వదిలేశారు. అది పెడస్టల్ మీద, అంటే క్యాంప్‌గ్రౌండ్‌లో ప్రతి మకాం దగ్గరా నిలబెట్టే కరెంటు పెట్టె మీద, పడాల్సిన బాధ్యత.

సమస్య ఎక్కడుందో ముందు చూద్దాం. ఆర్వీ రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. దాని అల్యూమినియం రేకు, ఇనుప చట్రం, మెట్టు, తలుపు పిడి ఒకదానికొకటి కలిసిన లోహమే. లోపల ఫ్రిజ్ దగ్గరో వాటర్ హీటర్ దగ్గరో ఫేజ్ తీగ తొడుగు అరిగి ఆ లోహానికి తగిలితే బండి ఒళ్లంతా 120 వోల్టులు ఎక్కుతాయి. ఎర్త్ తీగ బాగుంటే అదే క్షణంలో భారీ కరెంటు దాని గుండా వెనక్కి ఉరికి బ్రేకర్ పడిపోతుంది. ఎర్త్ తీగ తెగి ఉంటేనో, పెడస్టల్‌లో దాని కొన తుప్పు పట్టి ఉంటేనో ఏమీ జరగదు. లైట్లు వెలుగుతాయి, ఏసీ నడుస్తుంది. లోపలున్నవాళ్లకు తేడా తెలియదు, ఎందుకంటే వాళ్లు తాకేదంతా ఒకే వోల్టేజీలో ఉంటుంది. వాన పడ్డ గడ్డి మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పిడి పట్టుకున్న పిల్లవాడికే తెలుస్తుంది. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుంటే అతనిలోంచి పారేది 120 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అంత చాలు. ఆర్వీ వాడకందార్లు దీన్ని ‘హాట్ స్కిన్’ అంటారు.

బ్రేకర్ ఉంది కదా అనేవాళ్లు బ్రేకర్ పని ఏమిటో మరిచిపోతున్నారు. 30 ఆంపియర్ల బ్రేకర్ కాపాడేది తీగలను, మనుషులను కాదు. పిల్లవాడి ఒంట్లోంచి పోయే 0.12 ఆంపియర్ దానికి లెక్కలోకి రాదు. మనిషికి ఎంత కరెంటు ప్రమాదమో లెక్క తేల్చినవాళ్లలో డాల్‌జీల్ ముఖ్యుడు. తడిచేతుల్తో రాగి తీగ పట్టుకుని, కండరాలు బిగుసుకుపోకముందు ఎంతవరకు వదిలించుకోగలరో చెప్పడానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చిన స్త్రీపురుషుల మీద ఆయన కొలతలు తీశాడు. సగటున పురుషులు 16, స్త్రీలు 10.5 మిల్లీ ఆంపియర్ల దగ్గర తీగను వదల్లేకపోయారు. బాధ ఓర్చి ఆ మనుషులు ఇచ్చిన అంకెల మీదే అమెరికాలో నేటికీ 5 మిల్లీ ఆంపియర్ల దగ్గర తెగిపోయే జీఎఫ్‌సీఐ, అంటే లీకేజీని పట్టే ఆ పరికరం, నిలబడింది. దాని సూత్రం సులువు. ఫేజ్‌లో పోయినంత కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రావాలి. రాకపోతే అది ఇంకెక్కడికో కారుతోందని అర్థం. ఎర్త్ తీగ ఉన్నా లేకపోయినా ఈ లెక్క తప్పదు. అందుకే ఈత కొలనుల దగ్గర, ఇళ్ల బయటి సాకెట్ల దగ్గర, స్నానాల గదుల్లో దాన్ని 1970ల నుంచి ఒక్కొక్కటిగా తప్పనిసరి చేస్తూ వచ్చారు.

మన ఊళ్లలో ఇంటి పక్కన గుంత తీసి, ఉప్పూ బొగ్గూ పోసి ఎర్త్ పాతడం తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక ఆలోచన రావడం సహజం. బండి పక్కన ఒక రాగి కడ్డీ నేలలో దిగ్గొట్టి చట్రానికి తీగ కలిపితే సరిపోదా? ఆర్వీ వాడేవాళ్లలోనూ ఈ నమ్మకం గట్టిగా ఉంది. లెక్క దానికి ఎదురు నిలుస్తుంది. అమెరికా నియమావళి ఒంటి కడ్డీకి ప్రమాణంగా చెప్పే నిరోధం 25 ఓమ్‌లు. 120 వోల్టులను 25తో భాగిస్తే 4.8 ఆంపియర్లు. 30 ఆంపియర్ల బ్రేకర్ దానికి కదలదు. బండి ఒంట్లో కరెంటు అలాగే ఉంటుంది, కడ్డీ చుట్టూ నేలలో కూడా వోల్టేజీ పాకుతుంది. పనికొచ్చే ఎర్త్ అంటే సరఫరా మూలం దాకా లోహపు దారిలో తిరిగి వెళ్లే తీగ. న్యూట్రల్, ఎర్త్ ఆ మూలం దగ్గర ఒక్కచోటే కలవాలి, బండి లోపల కలవకూడదు. కలిస్తే మామూలు కరెంటు సైతం బండి చట్రం గుండా తిరగడం మొదలవుతుంది.

ఇక సాకెట్ల చరిత్ర చూస్తే, భద్రత భారాన్ని వాడకందారు మీద వేయడం ఎంత అన్యాయమో తెలుస్తుంది. ఆర్వీల కోసమే ఉన్న టీటీ-30 సాకెట్‌లో ఒక ఫేజ్, ఒక న్యూట్రల్, ఒక ఎర్త్ ఉంటాయి. ఇచ్చేది 120 వోల్టులు, 3,600 వాట్లు. చూడటానికి అది పాత బట్టల డ్రయ్యర్ 30 ఆంపియర్ల సాకెట్‌లా ఉంటుంది, అందులో వచ్చేది 240. ఇళ్ల వైరింగ్‌కు అలవాటుపడ్డ ఎలక్ట్రీషియన్ 30 ఆంపియర్లు అనగానే రెండు ఫేజ్‌లు కలిపేయడం పదేపదే జరిగే పొరపాటు. ప్లగ్గు పెట్టగానే మైక్రోవేవ్, టీవీ, బ్యాటరీ చార్జర్ కాలిపోతాయి. 50 ఆంపియర్ల సాకెట్‌లో రెండు ఫేజ్‌లు వస్తాయి, మొత్తం 12,000 వాట్లు. అక్కడ న్యూట్రల్ ఊడితే ఒక వైపు సామాను మీద వోల్టేజీ పడిపోయి, రెండో వైపు 120 దాటి పైకి ఎగబాకుతుంది. ఇవి కంటికి కనిపించే నష్టాలు. కనిపించనిది 1962కు ముందు కట్టిన ఇళ్లలో ఉంది. ప్రయాణానికి ముందు ఇంటి ముంగిట్లో బండికి కరెంటు కలపడం మామూలే. పాత రెండు రంధ్రాల సాకెట్ తీసి మూడు రంధ్రాలది బిగించినవాడు, ఎర్త్ తీగ లేదు కాబట్టి న్యూట్రల్‌నే ఎర్త్‌కు చుట్టేస్తాడు. ఫేజ్, న్యూట్రల్ కూడా తారుమారైతే బండి ఒంటికి నేరుగా 120 వోల్టులు. మూడు దీపాల టెస్టర్ పెడితే అంతా సరిగ్గా ఉన్నట్టే చూపిస్తుంది.

సెలవుల్లో ఆర్వీ అద్దెకు తీసుకుని జాతీయ పార్కులకు వెళ్లే తెలుగు కుటుంబాలు కూడా అమెరికాలో ఉన్నాయి కాబట్టి, చేయాల్సిన పనులు చెప్పకుండా ముందుకు పోవడం సరికాదు. పెడస్టల్ బ్రేకర్ ఆపే ఉంచి, సాకెట్‌లో మాడిన మచ్చలు ఉన్నాయేమో చూడాలి. మీటర్ వాడటం తెలిసినవాళ్లు బ్రేకర్ వేసి కొలవాలి: ఫేజ్, న్యూట్రల్ మధ్య 120కి దగ్గరగా, ఫేజ్, ఎర్త్ మధ్య కూడా అంతే, న్యూట్రల్, ఎర్త్ మధ్య దాదాపు సున్నా రావాలి. మళ్లీ బ్రేకర్ ఆపి, ప్లగ్గు పూర్తిగా దిగేలా పెట్టి, అప్పుడు వేయాలి. తర్వాత, బండిని ఎవరూ ముట్టుకోకముందే, తాకకుండా కరెంటును పసిగట్టే టెస్టర్‌ను లోహం దగ్గరికి తీసుకెళ్లాలి. అది కూస్తే పెడస్టల్ బ్రేకర్ ఆపి, ఇంకో మకాం అడగాలి. ఇదంతా అవసరమే, నేను నొక్కి చెబుతాను. కానీ చీకటి పడ్డాక, వానలో, పిల్లలు ఏడుస్తుంటే ఎంతమంది ఇదంతా చేస్తారు? పెడస్టల్‌ను ముందుగా పరీక్షించే ఖరీదైన పరికరాలు దొరుకుతాయి, మంచివే. వాటిలో చాలావరకు వోల్టేజీని, ఎర్త్‌ను చూస్తాయి గానీ నేలకు కారుతున్న కరెంటును చూడవు. పెడస్టల్ దగ్గర తగిలించిన పరికరానికి అవతల కేబుల్‌లో ఎర్త్ తెగితే అది కూడా కనిపించదు. బండి లోపల వంటింట్లో, స్నానాల గదిలో ఉన్న జీఎఫ్‌సీఐ తనకు ముందున్న తీగలో వచ్చే లోపాన్ని ఆపలేదు.

అందుకే పెడస్టల్ దగ్గరే లీకేజీ రక్షణ ఉండాలి. అమెరికా నియమావళి మకాంలోని మామూలు 15, 20 ఆంపియర్ల సాకెట్లకు జీఎఫ్‌సీఐ తప్పనిసరి చేసి, బండికి నిజంగా కరెంటు వెళ్లే 30, 50 ఆంపియర్ల సాకెట్లను మినహాయించింది. కారణంగా చెప్పేది, ఫ్రిజ్, చార్జర్, హీటర్ ఒక్కొక్కటీ కాస్త కాస్త కరెంటు కారుస్తాయి కాబట్టి అకారణంగా తెగిపోతుందని. 5 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆ అభ్యంతరం నిజమే. యూరప్ దానికి జవాబు వెతికింది. అక్కడి ప్రమాణాల ప్రకారం కారవాన్ పార్కులో ప్రతి సాకెట్‌కూ విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీడీ, అంటే అదే సూత్రంతో లీకేజీని పట్టే పరికరం, ఉండాలి. బ్రిటన్ ఇంకో అడుగు ముందుకేసి, న్యూట్రల్‌నే ఎర్త్‌గా వాడే సరఫరాను కారవాన్ లోహానికి కలపకూడదని 2002 నాటి నిబంధనల్లో నిషేధించింది. 30 మిల్లీ ఆంపియర్లు నొప్పి పుట్టిస్తాయి, చెయ్యి బిగుసుకుపోతుంది కూడా. కానీ గుండె లయ తప్పేలోపే సరఫరా తెగుతుంది. యూరప్‌లో 230 వోల్టులు కాబట్టి అది అవసరమైంది, మాకు 120 వోల్టులే కాబట్టి అక్కర్లేదు అనేవాళ్లకు, పైన వేసిన 120 మిల్లీ ఆంపియర్ల లెక్కే జవాబు. ఆర్సీడీ పెట్టగానే పడిపోయే బండి సాధారణంగా లోపల న్యూట్రల్, ఎర్త్ కలిసిపోయిన బండో, హీటర్ పాడైన బండో అయి ఉంటుంది. దాన్ని బయటపెట్టడమే ఆ పరికరం పని.

అమెరికాకు ఇది తెలియని దారి కాదు. పడవల రేవుల్లో నీళ్లలోకి కారిన కరెంటు ఈతగాళ్లను ముంచి చంపిన ఘటనల తర్వాత, అదే నియమావళి 2011లో రేవుల సరఫరాకు 100 మిల్లీ ఆంపియర్ల పరిమితి పెట్టి, 2017లో దాన్ని 30కి తగ్గించింది. అక్కడా వాడేది అవే తరహా పెడస్టళ్లు, అంతే సామర్థ్యపు సాకెట్లు. పాత క్యాంప్‌గ్రౌండ్లన్నిటినీ ఒక్కసారిగా తవ్వి మార్చమనడం సాధ్యం కాదు, నియమావళి కూడా పాత నిర్మాణాలకు సాధారణంగా వర్తించదు. కొత్తగా నిలబెట్టే ప్రతి పెడస్టల్‌కూ, పాడై మార్చే ప్రతి పెడస్టల్‌కూ 30 మిల్లీ ఆంపియర్ల రక్షణను తప్పనిసరి చేయడానికి అడ్డేమీ లేదు.