తెరమీద హంతకుడి ముఖం

హత్య ఎవరు చేశారన్న ప్రశ్నను మొదట్లోనే నిలిపి, జవాబును చివరి ఘట్టం దాకా దాచి ఉంచే చిత్రాన్ని అపరాధ పరిశోధక చిత్రం అంటారు. ఈ తరహా చిత్రాలు మూకీల కాలం నుంచీ వస్తున్నాయి. ప్రేక్షకుణ్ణి ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టిన వాటిలో చాలా వాటిని హంతకుడు బయటపడే ఆఖరి పది నిమిషాలే దెబ్బతీశాయి. దీనికి దర్శకుల అసమర్థత ఒక్కటే కారణమనుకోవడం సరికాదు. పుస్తకంలో పుట్టి పుస్తకపు నియమాలతో పెరిగిన ఒక కథారూపాన్ని, తారల ముఖాల మీద బతికే పరిశ్రమ చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఏం జరిగిందో చూస్తే ఆ వైఫల్యానికి మూలం తెలుస్తుంది.

ఎడ్గార్ ఎలన్ పో 1841లో ప్రచురించిన 'ద మర్డర్స్ ఇన్ ద రూ మోర్గ్' ఆధునిక డిటెక్టివ్ కథలకు ఆద్యమని సాహిత్య చరిత్రకారులు చాలామంది అంగీకరిస్తారు. అందులో హంతకుడు మనిషి కాదు, ఒరాంగుటాన్ అనే పెద్ద కోతి. పాఠకుడు తనంతట తాను ఊహించగల జవాబు కాదది. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా సాగిన ప్రయోగాల మీదట పాఠకుడి పక్షాన కొన్ని నియమాలు ఏర్పడ్డాయి. అమెరికన్ రచయిత ఎస్. ఎస్. వాన్ డైన్ 1928లో ఇరవై సూత్రాలు రాస్తే, ఇంగ్లండులో మతగురువూ రచయితా అయిన రోనాల్డ్ నాక్స్ 1929లో పది సూత్రాలు కూర్చాడు; 1930లో లండన్‌లో ఏర్పడిన డిటెక్షన్ క్లబ్బు తన సభ్యుల చేత ఇలాంటి నియమాల మీద ప్రమాణం చేయించేది. పరిశోధకుడికి దొరికిన ప్రతి ఆధారమూ పాఠకుడికీ అందాలన్నది వీటి సారాంశం. నాక్స్ మొదటి సూత్రం ప్రకారం నేరస్థుడు కథ తొలి భాగంలోనే ప్రస్తావనకు రావాలి. చివరి సూత్రం ప్రకారం కవలలనూ ఒకే పోలిక గల మనుషులనూ ముందుగా సూచన ఇవ్వకుండా ప్రవేశపెట్టకూడదు.

పుస్తకంలో ప్రస్తావించడానికి ఒక పేరు చాలు. పదిమంది అతిథుల పేర్లు ఒకే వాక్యంలో వచ్చినప్పుడు పాఠకుడి దృష్టిలో పదిమందీ సమానులే. తెర మీద పేరుకు బదులు ముఖం ఉంటుంది, ఆ ముఖానికి కీర్తి ఉంటుంది, పారితోషికం ఉంటుంది, అభిమానులుంటారు. పేరున్న నటుడు చిన్న వేషంలో కనిపిస్తే హంతకుడతనేనని ప్రేక్షకుడు వెంటనే పసిగడతాడు. కథానాయకుడైన తార ఎంత అనుమానాస్పదంగా ప్రవర్తించినా అతను నిర్దోషేనని టిక్కెట్టు కొనేటప్పుడే నిశ్చయించుకుంటాడు. ఈ రెండింటికీ నడుమ మిగిలేది ఎవరికీ గుర్తుండని ఒక సహాయ నటుడు. అతణ్ణి ఆఖరున ముందుకు నెట్టి ఇతడే హంతకుడని చెబితే, ప్రేక్షకుడికి ఆశ్చర్యం కలగదు, ఇతనెవరన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది.

ఈ చిక్కు తొలి రోజుల్లోనే ఎదురైంది. మేరీ బెలాక్ లౌండ్స్ 1913 నాటి నవల 'ద లాడ్జర్'లో, లండన్‌లో ఒక ఇంట అద్దెకు దిగిన వ్యక్తే వరుస హత్యలు చేస్తున్నవాడన్న నిజం ఇల్లుగలావిడను క్రమంగా కమ్ముకుంటుంది. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1927లో దీన్ని మూకీ చిత్రంగా తీసినప్పుడు అద్దెదారుగా నటించినవాడు ఐవర్ నొవెల్లో; స్త్రీ ప్రేక్షకుల ఆరాధ్య తార హంతకుడు కావడానికి నిర్మాణ సంస్థ ఒప్పుకోలేదు. కాబట్టి అద్దెదారు నిర్దోషి అయ్యాడు, హంతకుణ్ణి వెతుకుతున్న ఒక మృతురాలి సోదరుడయ్యాడు. అసలు హంతకుడు ఇంకెక్కడో పట్టుబడ్డాడన్న కబురు మాత్రమే వస్తుంది. అతని ముఖం తెరమీద కనిపించనే కనిపించదు. అద్దెదారు దోషా కాదా అన్నది తేలకుండా అతణ్ణి రాత్రి చీకట్లోకి వెళ్లిపోనివ్వడమే తనకు ఇష్టమయ్యేదని హిచ్‌కాక్ అనేక ఏళ్ల తర్వాత ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో చెప్పాడు.

పద్నాలుగేళ్ల తర్వాత హాలీవుడ్‌లో అదే కథ పునరావృతమైంది. ఫ్రాన్సిస్ ఐల్స్ నవలలో భర్త తనను చంపబోతున్నాడని తెలిసీ భార్య విషం తాగుతుంది. దాని ఆధారంగా 1941లో వచ్చిన 'సస్పిషన్'లో ఆ భర్త కేరీ గ్రాంట్ కావడంతో, అనుమానమంతా భార్య భ్రమేనని చివరి నిమిషాల్లో తేల్చేశారు. గ్రాంట్ పాల గ్లాసు పట్టుకుని మెట్లెక్కే దృశ్యంలో పాలు మెరిసేలా గ్లాసులో చిన్న దీపం పెట్టించిన దర్శకుడి శ్రమ, ఆ ముగింపు ముందు నిలవలేకపోయింది. దీనికి తోడు 1934 నుంచి గట్టిగా అమలైన హేస్ నియమావళి ఉంది. నేరం చేసినవాడు శిక్ష తప్పించుకున్నట్టు చూపకూడదని శాసించిన ఈ నియమావళి, హాలీవుడ్ తన మీద తాను విధించుకున్న సెన్సారు. దాని కారణంగానే 1940 నాటి 'రెబెకా'లో, నవల ప్రకారం భార్యను కాల్చి చంపిన భర్త, తెర మీద ఆమె జారిపడి చనిపోవడాన్ని చూసిన వాడిగా మిగిలాడు. హంతకుడెవరన్నది కథ నిర్ణయించవలసిన విషయం; ఈ చిత్రాల్లో దాన్ని కార్యాలయాలు నిర్ణయించాయి.

హిందీలో బి. ఆర్. చోప్రా 1960లో తీసిన 'కానూన్' ఇంకా బాధ కలిగించే ఉదాహరణ, ఎందుకంటే అది చాలా గొప్ప చిత్రం కావలసింది. పాటలు లేకుండా చిత్రం తీయడమే ఆ కాలంలో సాహసం. తన కాబోయే మామ, పేరుమోసిన న్యాయమూర్తి, ఒక వడ్డీ వ్యాపారిని చంపడం పబ్లిక్ ప్రాసిక్యూటర్ కళ్లారా చూస్తాడు. ఆ హత్యానేరం మోస్తున్న ఒక పేద దొంగను విచారించేది కూడా ఆ న్యాయమూర్తే. న్యాయం చెప్పేవాడే దోషి అయితే చట్టం ఏం చేస్తుందన్న ప్రశ్నను ఇంత సూటిగా నిలబెట్టిన భారతీయ చిత్రాలు అరుదు. ఆఖరికి హత్య చేసింది న్యాయమూర్తి కాదని, అచ్చం ఆయన పోలికలున్న మరొకడని తేలుతుంది. కళ్లతో చూసిన సాక్ష్యం కూడా పొరబడవచ్చనీ, మరణశిక్ష అందుకే ప్రమాదకరమనీ చెప్పడం చోప్రా ఉద్దేశం. ఆ ఉద్దేశం గౌరవించదగినదే. అయినా నాక్స్ చివరి సూత్రం నిషేధించిన ఉపాయం ఇదే, దానితో అంత పెద్ద ప్రశ్న ఒక్కసారిగా రూపసాదృశ్యమనే యాదృచ్ఛికానికి కుదించుకుపోయింది.

హంతకుడు దొరికాక కారణాలు వివరించడం మరొక సమస్య. నవలలో చివరి అధ్యాయమంతా వివరణే అయినా పాఠకుడు అనుమానం వచ్చిన చోటికి పుటలు వెనక్కి తిప్పి సరిచూసుకోగలడు. సినిమా హాల్లో ఆ వెసులుబాటు లేదు. అందుకే 1960 నాటి 'సైకో'లో అంత భయంకరమైన రహస్యం బయటపడ్డ తర్వాత ఒక మానసిక వైద్యుడు నిలబడి చేసే సుదీర్ఘ ప్రసంగం, విమర్శకులు నేటికీ వేలెత్తి చూపే లోపంగా మిగిలింది.

పుస్తకాన్ని అనుకరించడం మానుకున్న దర్శకులే ఈ ఇరుకు నుంచి బయటపడ్డారు. హిచ్‌కాక్ స్వయంగా 1958లో 'వెర్టిగో' తీసినప్పుడు, మూలమైన ఫ్రెంచి నవల ఆఖరు దాకా దాచిన రహస్యాన్ని చిత్రం ముగియడానికి చాలా ముందే ప్రేక్షకుడికి చెప్పేసి, నాయకుడికి ఇది తెలిస్తే ఏమవుతుందన్న ఆందోళన మీద మిగతా కథ నడిపాడు. ఇటలీలో అపరాధ చిత్రాలను జాల్లో అంటారు. మొందదోరి సంస్థ 1929 నుంచి పసుపు అట్టలతో వేసిన అపరాధ నవలల వల్ల, పసుపు అన్న అర్థంలో ఆ పేరు వచ్చింది. ఈ కోవలో దారియో అర్జెంటో 1975లో తీసిన 'ప్రొఫోందో రొస్సో' ముగింపు, నాక్స్ కోరిన న్యాయాన్ని సినిమా భాషలో సాధించింది. హత్య జరిగిన ఇంట్లోకి పరుగెత్తిన పియానో కళాకారుడు చిత్రపటాలు వేలాడే వసారా దాటుతాడు. అక్కడ ఒక పటం ఉండేదని, తర్వాత మాయమైందని అతనికి అనిపిస్తూ ఉంటుంది. అది పటం కాదు, అద్దం. అందులో కనిపించింది హంతకురాలి ముఖం. ఆ ముఖాన్ని ప్రేక్షకుడు కూడా అదే క్షణంలో, ఎలాంటి మరుగూ లేకుండా చూసే ఉంటాడు.

కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలతో ఆధారాలు ఏరుకోవడం నేర్చుకున్న తెలుగు పాఠకలోకానికి, తెర మీద అలాంటి నిజాయతీ దొరికిన సందర్భాలు తక్కువ. స్పానిష్ చిత్రం 'కాంట్రాటియెంపో' ఆధారంగా 2019లో వచ్చిన 'ఎవరు' వాటిలో ఒకటి. మొదటి నుంచి నిందితురాలి ఎదుట కూర్చున్న పోలీసు అధికారి అసలు ఎవరన్నదే అక్కడ దాచిన రహస్యం. ఆ పాత్ర ధరించిన అడివి శేష్ కథానాయకుడు కాబట్టే ఎవరూ అతణ్ణి శంకించరు. నొవెల్లో కాలం నుంచి ముగింపులను చెడగొట్టిన తార ముఖాన్నే ఆ చిత్రం రహస్యానికి తెరగా వాడుకుంది. తెలుగులో అపరాధ చిత్రాలు తీయబూనేవారు హంతకుణ్ణి కథ చివర వెతకడం మాని, మొదటి రీల్లోనే ప్రేక్షకుడి కళ్లెదుట నిలబెట్టి, ఆ తర్వాతే మిగతా కథ రాసుకోవాలి.