తెర వెనక పక్క

మాది జమ్మలమడుగు దగ్గరి మెట్ట పల్లె. కె.సి.కెనాల్ కర్నూలు నుంచి కడప దాకా పారుతుందని బడిలో చదువుకున్నాం గాని ఆ నీళ్ళు మా చేలకు ఎప్పుడూ అందలేదు. 1970ల చివర, నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు, ఒక వేసవి రాత్రి మా ఊరికి సర్కారు జీపొచ్చింది. చావిడి ముందు రెండు గుంజలు పాతి తెల్లగుడ్డ కట్టినారు. మగవాళ్ళు గుడ్డకు ముందు కూర్చున్నారు. ఆడవాళ్ళం వెనక పక్క, గాటిపాటల దగ్గర. బొమ్మ మాకూ కనబడింది. కాని అంతా తిరగబడి కనబడింది. అక్షరాలు అద్దంలో మాదిరి వెనక్కి తిరిగి ఉన్నాయి. నాకు చదవొచ్చన్న గర్వమంతా ఆ రాత్రి పోయింది.

అది కుటుంబ నియంత్రణ సినిమా. ఇద్దరు పిల్లలున్న నవ్వుతున్న ఇల్లు ఒకటి, అరడజను పిల్లలున్న ఏడుస్తున్న ఇల్లు ఒకటి. ఒక మగగొంతు ఆపకుండా బోధిస్తోంది. మా పెద్దమ్మ నన్నడిగింది, "ఎవురికి జెప్తాండాడే ఆయప్ప?"

"మీకే పెద్దమ్మా, ఆడోళ్ళకే."

"మాకయితే తెర మా పక్కకు తిప్పలేదు గదమ్మే," అనింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఆమెను క్యాంపుకు తీసుకుపోయి ఆపరేషన్ చేయించినారు. అప్పటికి ఆమెకు పాతికేళ్ళు కూడా నిండలేదు. మూడో నాటికే శెనక్కాయ చేలో కలుపుకు పోయింది. నడుమునొప్పి చివరిదాకా పోలేదు. ఆమె మాట వినడానికి మాత్రం ఏ జీపూ రాలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, స్త్రీల చరిత్ర పాఠం చెప్పే ఉద్యోగంలో ఉండగా, ఆ రాత్రి జీపులో వచ్చిన యంత్రం సంగతి తెలుసుకోవాలనిపించింది. అది 16 ఎం.ఎం. ప్రొజెక్టరు. హాళ్ళలో ఆడే సినిమా ఫిల్ము వెడల్పు 35 మిల్లీమీటర్లు. దాంట్లో సగం కూడా లేని 16 ఎం.ఎం.ను కొడాక్ కంపెనీ 1923లో మార్కెట్లోకి తెచ్చింది, స్టూడియోల వాళ్ళకు కాదు, ఇళ్ళలో సరదాగా తీసుకునేవాళ్ళకు. పాత 35 ఎం.ఎం. ఫిల్ము ఇట్టే అంటుకునేది. 16 ఎం.ఎం.ను మొదటినుంచీ సులభంగా మండని పదార్థంతో చేశారు. అందుకే అది బడిలోకీ, ఇంట్లోకీ, జీపులోకీ ఎక్కగలిగింది. మన దేశంలో 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడినాక దాని చిత్రాలు ఈ చిన్న ఫిల్ము మీదే హాలు లేని పల్లెలకు చేరాయి. అంటే స్టూడియో లేనివాళ్ళు కూడా తీసుకోగలిగిన ఫిల్మును ప్రభుత్వం ప్రజలకు బోధించడానికి వాడుకుంది. కెమెరా ఒక చోటే ఉండిపోయింది, ప్రొజెక్టరు మాత్రం ఊరూరా తిరిగింది.

అదే ఫిల్మును 1980లో కొందరు ఆడవాళ్ళు తమ చేతుల్లోకి తీసుకున్నారు. దీపా ధన్‌రాజ్, ఆభా భయ్యా, మీరా రావు, ఛాయాగ్రాహకుడు నవ్‌రోజ్ కాంట్రాక్టర్ కలిసి బెంగుళూరులో 'యుగాంతర్' అనే బృందంగా ఏర్పడ్డారు. పూనాలో ఇంటిపని చేసే స్త్రీల మీద 'మోల్‌కరీణ్', నిపాణి పొగాకు కార్మికురాళ్ళ పోరాటం మీద 'తంబాకూ చాకిలా ఊబ్ ఆలీ' తీశారు. నిపాణిలో కెమెరా బయటికి తీయకముందు నెలల తరబడి ఆ కార్మికురాళ్ళతో గడిపారు. మూడోది మన తెలుగు సినిమా, 1983లో వచ్చిన 'ఇది కథ మాత్రమేనా?'. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనతో కలిసి తీసిన, సుమారు 25 నిమిషాల నలుపు తెలుపు చిత్రం.

మిగతావి నిజజీవిత చిత్రాలు, ఇదొక్కటే కల్పిత కథ. పెళ్ళయి ఇంట్లో మాటా దెబ్బా పడుతున్న ఒక స్త్రీ ఒంటరితనం, ఇంకొక స్త్రీతో ఆమె స్నేహం, అంతే. ఈ కథను ఒకరు ఒంటిగా కూర్చుని రాయలేదు. సంఘటన సభ్యులు తమ అనుభవాలు ఒకరికొకరు చెప్పుకుంటూ, సన్నివేశాలను అప్పటికప్పుడు అల్లుకుంటూ రూపొందించారు. నటించిందీ వాళ్ళే. కథ అనే ముసుగు ఎందుకు కావాల్సొచ్చిందో ఆడవాళ్ళకు వేరే చెప్పాల్సిన పనిలేదు. కార్మికురాలు కూలి సంగతి కెమెరా ముందు పేరుతో సహా చెప్పగలదు. మొగుడు కొట్టిన సంగతి అట్లా చెప్పిన మనిషి ఆ రాత్రి ఏ ఇంటికి పోవాలి? కథలో అయితే ఆ మాట ఏ ఒక్కరిదీ కాకుండా, అందరిదీ అవుతుంది. టైటిల్‌లోని ఆ ప్రశ్నార్థకం అక్కడిదే అనుకుంటాను.

ఇక్కడ చిన్న ఫిల్ము లెక్క కొంచెం చెప్పాలి. 16 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 40 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 36 అడుగులు పోతుంది. వంద అడుగుల చుట్ట 2 నిమిషాల 47 సెకన్లలో అయిపోతుంది. 25 నిమిషాల సినిమాకు 900 అడుగులు. 35 ఎం.ఎం. అయితే 2,250 అడుగులు కావాలి. ఖర్చు తగ్గుతుంది నిజమే, అయినా చందాలతో, అప్పులతో తీసేవాళ్ళకు అదీ పెద్ద మొత్తమే. ప్రతి దృశ్యాన్నీ సగటున నాలుగుసార్లు తీస్తే 3,600 అడుగులు, అంటే 400 అడుగుల చుట్టలు తొమ్మిది. ఫిల్ము కొనాలి, కడిగించాలి, ప్రింటు వేయించాలి. శబ్దం వేరే టేపు మీద పట్టుకుని తర్వాత జతచేయాలి. తీసింది ఎట్లా వచ్చిందో ల్యాబు నుంచి వచ్చేదాకా తెలియదు.

అందుకని ఏది తీయాలో ముందే తేల్చుకోక తప్పదు. మామూలు సినిమాలో ఆ తేల్చే పని డైరెక్టరుది. ఇక్కడ అది గదినిండా ఉన్న ఆడవాళ్ళది. మాటలు ఎంతసేపైనా సాగవచ్చు, వాటికి ఖర్చు లేదు. కెమెరా తిరిగేది మాత్రం కొద్ది నిమిషాలే. చిన్న ఫిల్ము పేదరికాన్ని నేను పొగడటం లేదు. డబ్బుంటే వాళ్ళు ఇంకా ఎక్కువ తీసేవాళ్ళే. కాని ఆ కొరత, అందరూ కూర్చుని మాట్లాడుకునే పద్ధతి, ఈ రెండూ ఒకదానికొకటి సరిపోయాయి. తెర మీదికి ఏ మాట రావాలో నిర్ణయించే హక్కు ఆ మాట తాలూకు మనుషులకే దక్కింది.

ఆ సంవత్సరం డిసెంబరులోనే శిక్షాస్మృతిలో 498ఎ సెక్షను అమల్లోకి వచ్చింది. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. ఇంట్లో పడే దెబ్బను నేరం అనడానికి చట్టానికి కావాల్సిన భాష చట్టసభలో పుట్టలేదు, ఇలాంటి గదుల్లో పుట్టింది. అదే స్త్రీశక్తి సంఘటన 1986లో తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మౌఖిక కథనాలతో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. సినిమా, పుస్తకం రెండింటి వెనకా ఉన్న పని ఒకటే, కూర్చుని వినడం.

యుగాంతర్ చిత్రాలను 2010ల చివర బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ తోడ్పాటుతో శుభ్రం చేసి డిజిటల్ రూపంలోకి తెచ్చారు. ఈ మధ్య కర్నూలులో ఒక చిన్న హాలులో పాతికమంది అమ్మాయిలకు 'ఇది కథ మాత్రమేనా?' చూపించాను. మా సీమను వాళ్ళు తెర మీద చూడని వాళ్ళు కారు. ఇరవై ఏళ్ళుగా కొండారెడ్డి బురుజూ, సుమోలూ, వేటకొడవళ్ళూ చూస్తూనే ఉన్నారు. సినిమాకు మా కడప జిల్లా ఏమిచ్చిందంటే బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి పేర్లు చెప్తారు, ఆ గౌరవం న్యాయమైనదే. కాని ఫ్యాక్షన్ సినిమాల పెద్ద తెర మీద మా ఆడవాళ్ళు శవం మీద పడి ఏడవడానికో, కొడుక్కి పగ నూరిపోయడానికో వచ్చి పోయారు. వాళ్ళు కూర్చుని మాట్లాడుకున్న సీను నాకు గుర్తు లేదు.

సినిమా అయినాక కొంతసేపు ఎవరూ లేవలేదు. తర్వాత ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక దళిత విద్యార్థిని లేచింది. "బాగుంది మేడమ్. కాని ఆమెకు తలుపేసుకుని ఏడవడానికి ఒక గదుంది. మా అమ్మ సుగ్గికి గుంటూరు పక్క మిరపకాయలు కోయను పోతాది. చేని గట్టున పట్ట కింద ఉంటారు. మా నాయన కొడితే గుంపంతా చూస్తాది. దాన్ని ఎట్లా తీస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. స్త్రీశక్తి సంఘటన సభ్యుల్లో ఎక్కువమంది చదువుకున్న మధ్యతరగతి నగర స్త్రీలు. వాళ్ళు తమ కథ తాము చెప్పుకున్నారు, అది వాళ్ళ నిజాయితీ. ఆ అమ్మాయి వాళ్ళమ్మ కథను వాళ్ళు చెప్పి ఉంటే అది మళ్ళీ జీపు సినిమానే అయ్యేది.

దీపా ధన్‌రాజ్ 1991లో తీసిన 'సమ్‌థింగ్ లైక్ ఎ వార్' మన కుటుంబ నియంత్రణ కార్యక్రమం మీద చిత్రం. ఒక పక్క ఆపరేషన్ క్యాంపులు, ఇంకో పక్క గుండ్రంగా కూర్చుని తమ శరీరాల గురించి, కోరికల గురించి, పిల్లల గురించి మాట్లాడుకుంటున్న స్త్రీలు. అది చూసిన రోజు నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. ఆ అంకెను ఎన్ని వ్యాసాల్లో రాశానో. అంకెలో ఒకతిగా మా ఇంట్లోనే ఉన్న మనిషిని కూర్చోబెట్టి "ఆ రోజు ఏం జరిగింది పెద్దమ్మా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె పోయి పన్నెండేళ్ళయింది. ఆమెకు తెర తిప్పనివాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ అమ్మాయిలు ఇప్పుడు ఒక సినిమా తీస్తామంటున్నారు. ఫోను చాలు, ఫిల్ము ఖర్చు లేదు. నేను ఒక్కటే షరతు పెట్టాను. తీసేది మొత్తం 2 నిమిషాల 47 సెకన్లు, వంద అడుగుల చుట్ట ఎంతో అంతే. మిగతా సమయమంతా కూర్చుని మాట్లాడుకోవాలి. మొదట్లో గొణిగారు. ఇప్పటికి నాలుగు ఆదివారాలు కలిశాం. ఆలూరు అమ్మాయి వాళ్ళమ్మ సుగ్గి అయిపోయినాక వస్తానని కబురు పెట్టింది. తను ముందు మిగతావాళ్ళు చెప్పేది వింటుందట, తర్వాత చెప్పాలా వద్దా అనేది తనే చూసుకుంటుందట. కెమెరా ఇంకా ఎవరూ తెరవలేదు.