నేర్పుతున్నాంగా, జీతమెందుకు?

లండన్‌లోని లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లో సర్ జాన్ సోన్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. విరిగిన పాలరాతి శిల్పాలు, ప్లాస్టర్ అచ్చులు, పాత పటాల మధ్య ఇరుకుదారుల్లో తిరిగేవారికి ఒకచోట చుట్టూ గోడలకు ఆనకుండా స్తంభాల మీద నిలబెట్టిన చిన్న చెక్కగది కనిపిస్తుంది. సోన్ శిష్యులు కూర్చుని బొమ్మలు గీసిన డ్రాయింగ్ ఆఫీసు అది. 1788 నుంచి 1833 దాకా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆర్కిటెక్ట్‌గా ఉన్న సోన్ దగ్గర 50 మందికి పైగా కుర్రాళ్లు పని నేర్చుకున్నారు. వేసవిలో పొద్దున ఏడింటి నుంచి రాత్రి ఏడింటి దాకా, చలికాలంలో ఎనిమిది నుంచి ఎనిమిది దాకా పని. సెలవు ఆదివారమొక్కటే. లెక్క వేస్తే వారానికి 72 గంటలు. ఇంత పనికీ డబ్బు చేతులు మారింది మాత్రం తలకిందులుగా. కుర్రాళ్ల తండ్రులే సోన్‌కు చెల్లించేవారు. అయిదారేళ్ల శిష్యరికానికి సాధారణంగా 100 నుంచి 175 పౌండ్ల దాకా.

సోన్ గురువుగా మంచివాడే. కట్టుబడి సాగుతున్న చోటికి శిష్యుల్ని పంపి, పునాదుల దగ్గర్నుంచి గోపురాల దాకా ఏ దశలో ఏది ఎలా ఉందో కొలిచి గీయించేవాడు. అలా గీసిన బొమ్మలు ఇప్పటికీ ఆ మ్యూజియంలో ఉన్నాయి. కానీ ఆ చెక్కగదిలో చదువు ఎక్కడ ముగిసిందో, ఆఫీసు పని ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పడం ఎవరివల్లా కాదు. శిష్యుడు చేసిన నకలు అతనికి పాఠం, సోన్‌కు ఖర్చులేని పని. ఆ గీత లేకపోవడమే ఆర్కిటెక్చర్ వృత్తికి పునాదిలో పడిన పగులు. రెండు వందల ఏళ్లుగా అది పూడలేదు. నిజానికి సోన్ ఇటుకలు పేర్చే మేస్త్రీ కొడుకు. పెద్ద ఆర్కిటెక్టుల దగ్గర చేరి, హెన్రీ హాలండ్ ఆఫీసులో ఏడాదికి 60 పౌండ్ల జీతం మీద పనిచేసి పైకొచ్చినవాడు. తానే ఆర్కిటెక్ట్ అయ్యాక ఆయన అడిగిన రుసుము కట్టడం ఓ మేస్త్రీకి చిన్న విషయం కాదు.

శిష్యులే కాదు, జీతానికి గీసినవాళ్ల బతుకూ అంతంతమాత్రమే. సోన్ కట్టడాల గురించి మాట్లాడేవారికి మొదట గుర్తొచ్చేవి వెలుగునీడల్లో మెరిసే ఆ పెద్ద పెద్ద వర్ణచిత్రాలు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ శిథిలమైనట్టు ఊహించి 1830లో వేసిన చిత్రం వాటిలో ప్రసిద్ధం. వాటిని గీసిన చేయి జోసెఫ్ గాండీది. గొప్ప ప్రతిభ ఉన్నా సొంత ప్రాక్టీసు నిలబడలేదు. అప్పులు తీర్చలేక జైలుకు వెళ్లాడు, 1843లో మానసిక రోగుల ఆశ్రమంలో పోయాడు.

అదే 1843లో చార్లెస్ డికెన్స్ ‘మార్టిన్ చజిల్‌విట్’ నవలను నెలనెలా వెలువరించడం మొదలుపెట్టాడు. అందులో పెక్‌స్నిఫ్ అనే ఆర్కిటెక్ట్ ఉంటాడు. ఇల్లు కట్టింది లేదు, శిష్యుల రుసుముల మీదే బతుకుతాడు. శిష్యుడు గీసిన పాఠశాల నమూనాను తనదిగా చెప్పుకుని పేరు కొట్టేస్తాడు. పాఠకులకు అది అర్థమయ్యేలా వివరించాల్సిన పని డికెన్స్‌కు పడలేదంటే, అలాంటివారు లోకానికి ఎంత తెలిసినవారో ఊహించవచ్చు. పదమూడేళ్ల తర్వాత, ముందుముందు నవలాకారుడు కాబోయే థామస్ హార్డీ డోర్చెస్టర్‌లో జాన్ హిక్స్ అనే ఆర్కిటెక్ట్ దగ్గర శిష్యుడిగా చేరాడు. సోన్ లాగే హార్డీ కూడా తాపీ మేస్త్రీ కొడుకే. మామూలుగా అడిగే 100 పౌండ్లలో, మొత్తం ముందే చేతిలో పెడతామని తల్లి బేరమాడి 40కి ఒప్పించింది. ఆ బేరం కుదిరింది కాబట్టి హార్డీ డ్రాయింగ్ బోర్డు ముందు కూర్చున్నాడు. కుదరని తల్లుల కొడుకుల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు.

ఇంగ్లండ్‌లో శిష్యరికం ఆఫీసులో సాగితే, ఫ్రాన్స్‌లో అది బడికి చేరింది. పారిస్‌లోని ఎకోల్ దె బొజార్ట్స్‌లో ఉపన్యాసాలు స్కూల్లో, డిజైన్ మాత్రం గురువుల స్టూడియోల్లో, అంటే అతెలియేల్లో, నేర్చుకునేవారు. పోటీ ప్రాజెక్టులకు గడువు గంటల లెక్కన ఉండేది. గడువు ముగిసే వేళ బొమ్మల్ని తోపుడుబండి మీద పెట్టుకుని స్కూలుకు పరుగెత్తేవారు. బండి మీద కూర్చునే చివరి గీతలు గీసేవారట. కొత్తగా చేరినవాళ్లు సీనియర్ల ప్రాజెక్టులకు రాత్రిళ్లు సాయం చేయడం ఆనవాయితీ. కష్టమూ, సరదా, పొగరూ కలగలిసిన ఆ రాత్రులు ఈ వృత్తికి ఒక పరువుగా మారాయి. నిద్రపోనివాడే అసలైన ఆర్కిటెక్ట్ అన్నట్టు. అక్కడ చదివిన మొదటి అమెరికన్ రిచర్డ్ మోరిస్ హంట్ న్యూయార్క్ తిరిగొచ్చి 1850ల చివర్లో అదే పద్ధతిలో అతెలియే పెట్టాడు. అతని శిష్యుడు విలియమ్ వేర్ ఎంఐటీలో అమెరికా తొలి ఆర్కిటెక్చర్ కోర్సును నడిపాడు. అక్కడి నుంచి ఆ పద్ధతి దేశదేశాలకు పాకింది. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలోనో, విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనో ప్రాజెక్టులను పరీక్షించే జ్యూరీకి ముందురోజు స్టూడియోలో నైట్ అవుట్ చేసే పిల్లలు నడుస్తున్నది ఆ పారిస్ బాటలోనే.

చదువులో అలవాటైన నిద్రలేమి ఆఫీసులో అక్కరకొచ్చింది. ఎవరికి అన్నదే ప్రశ్న.

ఫ్రాంక్ లాయిడ్ రైట్ కథ దీనికి మంచి ఉదాహరణ. 1932లో ఆయనకు పనులు లేవు, అప్పులు ఉన్నాయి. విస్కాన్సిన్‌లోని స్ప్రింగ్ గ్రీన్ దగ్గర తన ఇంట్లో టాలియెసిన్ ఫెలోషిప్ పెట్టాడు. చేరినవాళ్లు ఏడాదికి 650 డాలర్లు కట్టాలి. మరుసటి ఏడాది దాన్ని 1,100కు పెంచాడు. ప్లాన్లు గీయడమే కాదు, పొలం దున్నడం, వంట చేయడం, కట్టెలు కొట్టడం, పాత భవనాలు బాగుచేయడం అన్నీ శిష్యుల పనే. అరిజోనా ఎడారిలోని టాలియెసిన్ వెస్ట్‌ను 1937 నుంచి వాళ్ల చేతులే కట్టాయి. జలపాతం మీద కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇంటి పనిని సైట్‌లో ఉండి చూసుకున్నది బాబ్ మోషర్, ఎడ్గార్ టాఫెల్ అనే ఇద్దరు కుర్ర శిష్యులు. వాళ్లు ఆ రోజుల్ని ప్రేమగా తలుచుకున్నారు. టాఫెల్ ఏకంగా పుస్తకమే రాశాడు. అబద్ధం చెప్పారని అనలేం, రైట్ దగ్గర నేర్చుకోవడం మామూలు అదృష్టం కాదు. కానీ ఆ ప్రేమను లెక్కలో వేసుకునే ఆఫీసు నడిచిందన్నదీ అంతే నిజం.

మాంద్యం నడుస్తున్న ఆ రోజుల్లోనే వేరే దారీ కనిపించింది. కట్టుబడి పనులు ఆగిపోయి డ్రాఫ్ట్స్‌మన్‌లు రోడ్డున పడ్డారు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఒక్కో పరిశ్రమకూ కనీస వేతన నియమావళి రాయించే ప్రయత్నం చేసినప్పుడు యజమానుల సంఘాలు ప్రతిపాదించిన రేట్లు చూసి సాంకేతిక ఉద్యోగులు మండిపడ్డారు. 1933లో న్యూయార్క్‌లో ఆర్కిటెక్టులు, ఇంజినీర్లు, రసాయన శాస్త్రవేత్తలు, టెక్నీషియన్లు కలిసి ఒక సమాఖ్య పెట్టుకున్నారు. 1937లో అది సీఐఓ అనే పెద్ద కార్మిక కూటమిలో చేరింది. డ్రాయింగ్ బోర్డు ముందు కూర్చునేవాడు కళాకారుడే కాదు, కూలి తీసుకునే పనివాడు కూడానని గట్టిగా చెప్పిన సంఘం ఇది. 1946లో మరో యూనియన్‌లో కలిసింది. కమ్యూనిస్టు భయం ముదిరిన కాలంలో ఆ ఊపంతా కొట్టుకుపోయింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అమెరికా ప్రైవేటు ఆర్కిటెక్చర్ ఆఫీసుల్లో యూనియన్ మాటే లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ప్రపంచం నలుమూలల నుంచి కుర్రాళ్లు పారిస్‌లో 35 రూ ద సేవ్ర్ చిరునామాకు వెళ్లేవారు. పాత మఠంలోని పొడవాటి వసారాలో లె కార్బూజియే ఆఫీసు. 1951లో అక్కడ అడుగుపెట్టిన వారిలో పుణెలో పుట్టిన బాలకృష్ణ దోషి ఒకరు. మొదటి ఎనిమిది నెలలు జీతం లేదు. చండీగఢ్, అహ్మదాబాద్ కట్టడాల డ్రాయింగుల మీద పనిచేసి, స్వదేశానికి వచ్చి సొంత ఆఫీసు పెట్టుకున్నారు. హైదరాబాద్ ఈసీఐఎల్ టౌన్‌షిప్‌ను 1968-71 మధ్య తీర్చిదిద్దింది ఆయనే. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన తొలి భారతీయుడు. ఇలాంటి కథలే ఉచిత శిష్యరికానికి బలమైన వకాలత్తు: దోషి ఎనిమిది నెలలు ఊరికే చేశారు, చూడండి ఏమయ్యారో అని. వకాలత్తు పుచ్చుకున్నవారు మర్చిపోయేది ఒకటుంది. ఎనిమిది నెలలు పారిస్‌లో జీతం లేకుండా ఎలాగో నిలదొక్కుకోగలిగినవారి కథే మనదాకా వచ్చింది.

యజమాని అంతా మిగుల్చుకున్నాడనీ అనలేం. దోషి అహ్మదాబాద్ ఐఐఎం కోసం పిలిపించిన అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ కాన్, ఆ పని మీదే వచ్చి వెళ్తూ 1974 మార్చి 17న న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో కూలిపోయాడు. అప్పటికి ఆయన ఆఫీసు దాదాపు 5 లక్షల డాలర్ల అప్పులో ఉంది. గీసింది చాలక మళ్లీ గీయడం, రాత్రి ఏ వేళకైనా ఆఫీసుకు వచ్చి కూర్చోవడం కాన్ పద్ధతి. ఇక్కడే అసలు చిక్కు తెలుస్తుంది. క్లయింట్ ఇచ్చే ఫీజు ముందే తెగిపోతుంది, డిజైన్‌కు పట్టే గంటలకు మాత్రం హద్దు లేదు. ఇంకోసారి మార్చి చూద్దామన్న ప్రతిసారీ ఆ గంటల ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ఆఫీసులో అందరికన్నా చిన్నవాడే ఆ ఒకడు.

ఆ ఫీజు కూడా ఇరవయ్యో శతాబ్దం చివర్లో పలచబడింది. అంతకుముందు వృత్తి సంఘాలు ఫీజుల పట్టిక నిర్ణయించేవి. ఒకరి ధర మీద ఒకరు పోటీ పడడం అమర్యాద. పోటీని అడ్డుకోవడమే ఇదంటూ అమెరికా న్యాయశాఖ 1972లో, మళ్లీ 1990లో అక్కడి ఆర్కిటెక్టుల సంఘం మీద కోర్టుకెక్కి ఒప్పందాలు రాయించుకుంది. బ్రిటన్‌లో అక్కడి ఆర్కిటెక్టుల సంఘం ఆర్ఐబీఏ పెట్టిన తప్పనిసరి ఫీజులు 1982లో పోయాయి. కొనేవాడికి లాభమే. ఆఫీసులు మాత్రం టెండరులో తగ్గించిన ప్రతి శాతాన్నీ లోపలి జీతాల్లోనో, ఓవర్‌టైమ్‌లోనో పూడ్చుకున్నాయి. మన దగ్గర 1972 ఆర్కిటెక్ట్స్ చట్టంతో ఏర్పడిన కౌన్సిల్ ఫీజుల పట్టిక ప్రచురించినా, విజయవాడలోనో వరంగల్‌లోనో ఇల్లు కట్టుకునే మనిషి చదరపు అడుగుకి ఎంత అనే అడుగుతాడు, అక్కడి నుంచి కిందికి బేరమాడతాడు.

కంప్యూటర్ వస్తే గంటలు తగ్గుతాయనుకున్నారు. 1982లో ఆటోక్యాడ్ వచ్చింది. చేత్తో రోజంతా గీసే మార్పు నిమిషాల్లో అయ్యేసరికి, మార్పులు అడగడం కూడా నిమిషాల పనైపోయింది.

వీటన్నిటికీ పైన డిజైన్ పోటీలున్నాయి. హెల్సింకిలో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం కోసం 2014లో ప్రకటించిన బహిరంగ పోటీకి 1,715 ఎంట్రీలు వచ్చాయి. పారిస్‌కు చెందిన మొరో కుసునోకీ సంస్థకు లక్ష యూరోల మొదటి బహుమతి దక్కింది. చేతికి ఏదో అందింది వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన కొద్దిమందికే. తక్కిన 1,700 ఎంట్రీల వెనక ఎన్ని రాత్రులున్నాయో ఊహించుకోవలసిందే. 2016లో హెల్సింకి నగర మండలి ఆ ప్రాజెక్టునే తిరస్కరించింది. మ్యూజియం కట్టలేదు.

2019 మార్చిలో ఈ సంగతులు ఒక్కసారిగా బయటికొచ్చాయి. లండన్‌లో ఏటా వేసవికి సెర్పెంటైన్ గ్యాలరీ ఒక పెవిలియన్ కట్టిస్తుంది. ఆ ఏడాది ఆ గౌరవం జపాన్ ఆర్కిటెక్ట్ జున్యా ఇషిగామికి దక్కింది. ఆయన ఆఫీసులో ఇంటర్న్‌షిప్ అడిగిన ఒక విద్యార్థికి వచ్చిన జవాబును బ్రిటిష్ పత్రికలు ప్రచురించాయి. జీతం లేదు, పొద్దున పదకొండు నుంచి అర్ధరాత్రి దాకా, వారానికి ఆరు రోజులు, కంప్యూటరూ సాఫ్ట్‌వేరూ ఎవరిది వారే తెచ్చుకోవాలి. వారానికి 78 గంటలన్నమాట. సోన్ దగ్గరి కుర్రాళ్ల కంటే 6 గంటలు ఎక్కువ. గొడవ పెరిగాక పెవిలియన్ మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ డబ్బు చెల్లించాలని సెర్పెంటైన్ ఆదేశించింది. అదే ఊపులో చిలీకి చెందిన ప్రిట్జ్‌కర్ విజేత అలెహాంద్రో అరవేనా తన ఎలెమెంటల్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌లనే ఆపేశాడు. నిజానికి ఆర్ఐబీఏ 2011లోనే తన గుర్తింపు పొందిన ఆఫీసులు విద్యార్థులకు కనీస వేతనమైనా ఇచ్చి తీరాలని నియమం పెట్టింది. నియమం ఒక దేశంలో ఉంటుంది, పోర్ట్‌ఫోలియో పట్టుకుని తిరిగే కుర్రాడికి ప్రపంచమంతా ఆఫీసే.

పైగా అతను కాదనలేని ఇరకాటం ఒకటుంది. అమెరికాలో లైసెన్సు కావాలంటే 3,740 గంటల అనుభవం లెక్క చూపాలి, అందులో చాలా భాగానికి లైసెన్సు ఉన్న మరో ఆర్కిటెక్ట్ సంతకం ఉండాలి. మన అయిదేళ్ల బి.ఆర్క్‌లో ప్రాక్టికల్ ట్రెయినింగ్ చేయకపోతే డిగ్రీ రాదు. ఆ సంగతి విద్యార్థికి తెలుసు, ఆఫీసుకూ తెలుసు. స్టైపెండ్ గురించి అడగాలంటే నోరు పెగలని ఆ వయసులో, బెంగళూరులోనో ముంబైలోనో పీజీ హాస్టల్ అద్దె ఇంటి నుంచే రావాలి. తండ్రి రైతో, చిరుద్యోగో అయిన పిల్ల పేరున్న ఆఫీసుకు అప్లై చేయడమే మానుకుంటుంది. పేరున్న ఆఫీసు అనుభవం లేదు కాబట్టి తర్వాత మంచి ఉద్యోగమూ దక్కదు. హార్డీ తల్లి చేసిన బేరం ఇప్పుడు హాస్టల్ అద్దె రూపంలో వచ్చింది. అయితే ఈసారి తగ్గించమని అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు.

సంఘాలు మాత్రం మళ్లీ పుడుతున్నాయి. యేల్‌లో అప్పట్లో పాఠాలు చెబుతున్న పెగ్గీ డీమర్ చొరవతో 2013లో అమెరికాలో ఆర్కిటెక్చర్ లాబీ మొదలైంది. డిజైన్ కూడా శ్రమేనన్నది వాళ్ల మొదటి మాట. 2019లో లండన్‌లో ఆర్కిటెక్చర్ ఉద్యోగులు ఒక కార్మిక సంఘంలో తమ విభాగం ఏర్పరచుకున్నారు. 2021 డిసెంబరులో న్యూయార్క్‌లోని షాప్ ఆర్కిటెక్ట్స్ ఉద్యోగులు యూనియన్ కావాలని ప్రకటించి, రెండు నెలలు తిరక్కుండానే వెనక్కి తీసుకున్నారు. 2023లో స్నోహెట్టా సంస్థ అమెరికా ఆఫీసుల ఉద్యోగులు ఓట్లు వేస్తే స్వల్ప తేడాతో యూనియన్ ఓడింది. వీటి మధ్య, 2022 సెప్టెంబరులో, బ్రూక్లిన్‌లోని బర్న్‌హైమర్ ఆర్కిటెక్చర్ యజమాని ఎన్నిక అక్కర్లేకుండానే ఉద్యోగుల యూనియన్‌ను గుర్తించాడు. 2024లో వాళ్ల మధ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఇరవై మంది చిల్లర పనిచేసే ఆఫీసు అది. అదే ఊళ్లో అదే పనికి తక్కువ ఫీజు రాసి టెండరు వేసే ఆఫీసులు ఇంకా వందల్లో ఉన్నాయి, వాటి ఉద్యోగులకు అలాంటి ఒప్పందం లేదు.